నా తలలోని సింక్ అసిస్టెంటుకు ఒక మెమో

ఏమయ్యా,

నీకు పేరు లేదు, హాజరు పట్టీ లేదు, జీతం అసలే లేదు. అయినా డెబ్బై ఏళ్లు దాటినా ఒక్క సెలవు పెట్టకుండా నా పుర్రెలో పనిచేస్తున్నావు. కళ్లు తెచ్చిన బొమ్మనీ చెవులు తెచ్చిన సౌండునీ ఒకచోట అతికించి నాకు చూపించడం నీ ఉద్యోగం. నీ సీటు చెవికి కాస్త పైన, ఎముక లోపల, సుపీరియర్ టెంపోరల్ సల్కస్ అనే మెదడు మడతలో ఉందంటారు. అక్కడ ఏసీ లేదని నువ్వెప్పుడూ గొణగలేదు. అంతవరకు మెచ్చుకుంటాను. ఇక అసలు సంగతి.

పోయిన ఆదివారం మద్రాసు సాలిగ్రామంలో మా ఇంటి టీవీకి మనవరాలు బ్లూటూత్ స్పీకరు తగిలించింది. మా ఆవిడ సీరియల్ నడుస్తోంది, నేనూ హాయిగా చూస్తున్నాను. రెండు నిమిషాలు కాకముందే పిల్ల మొహం చిట్లించింది. "తాతయ్యా, లిప్ సింక్ ఘోరంగా ఉంది, పెదవులకంటే మాట వెనకొస్తోంది, నీకు తెలియట్లేదా?" సెట్టింగుల్లోకి దూరి, అంకెలు అటూ ఇటూ జరిపి, 200 మిల్లీసెకన్ల (మిల్లీసెకనంటే సెకనులో వెయ్యో వంతు) దగ్గర ఆపితే గానీ దాని ప్రాణం కుదుటపడలేదు.

200 అంటే మన లెక్కలో దాదాపు ఐదు ఫ్రేములు. ఐదు ఫ్రేములయ్యా!

ముప్ఫై ఏళ్లు వడపళని ఎడిటింగ్ రూముల్లో ఆ ఫ్రేముల అన్నమే తిన్నాం కదా మనం. క్లాప్ బోర్డు చెక్కలు రెండూ కలిసిన ఫ్రేము మీద ఒక గీత, టేపులో 'టప్' మన్న చోట ఇంకో గీత, రెండూ జత చేసి రీలు ఎక్కించడం. సెకనుకు 24 ఫ్రేములు, ఒక్కోటి సుమారు 42 మిల్లీసెకన్లు. రెండు ఫ్రేములు అటూఇటూ అయితే ఎడిటర్ గారు మెషీను ఆపి నా వంక చూసేవారు. ఆ చూపుకి డైలాగు అక్కర్లేదు. డబ్బింగ్ రచయితలైతే నటుడి పెదవులు మూసుకున్న చోట ప, బ, మల్లో ఏదో ఒకటి పడాలని పూటలు పూటలు కూర్చునేవారు. అలాంటి చోట పని నేర్చిన నువ్వు, ఐదు ఫ్రేములు జారిపోతుంటే, "పెద్దాయన సర్దుకుపోతాడులే" అని సంతకం పెట్టేశావా? పైగా ఆ సర్దుబాటు సంగతి నాక్కూడా చెప్పకుండా!

నీ తరఫున వాదన కూడా నేనే వినిపిస్తాను, నీకు నోరు లేదు కనక. వెలుతురూ శబ్దమూ ఎన్నడూ కలిసి ప్రయాణం చేసినవి కావు. పెద్ద గ్రౌండులో 85 మీటర్ల దూరాన కుర్రాడు సిక్సు కొడితే బంతి లేచిన పావు సెకనుకు గానీ 'టక్' వినపడదు. దగ్గర్లో మాట్లాడే మనిషి విషయంలో ఇంకో తిరకాసు. చెవిలోని సన్నని కేశాలు వెయ్యో వంతు సెకనులో కబురందిస్తాయి. కంటి తెరకు మాత్రం రసాయనాల తతంగం ఉంది, పదుల మిల్లీసెకన్లు తింటుంది. ఈ లేటు లతీఫుల మధ్య నువ్వు కాస్త చూసీచూడనట్టు పోకపోతే ప్రపంచమంతా సింకు తప్పిన ప్రింటులా ఉండేది. ఒప్పుకున్నాను.

టీవీ వాళ్లకు దీనికో కొలత కూడా ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 1998లో రాసిపెట్టింది: సౌండు బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందొస్తే జనం పసిగడతారు, వెనకబడితే మాత్రం 125 దాకా పట్టించుకోరు. ముందు ఒక ఫ్రేము, వెనక మూడు. ఉరుము ముందు, మెరుపు తర్వాత ఎవరూ ఎరగరు గనక ఈ వివక్ష న్యాయమే.

మరి 200 ఏమిటి? బొమ్మా సౌండూ ఎంత ఎడంగా వచ్చినా ఒకటేనని ఒప్పుకునే నీ గడువు ఒక కిటికీ అనుకుంటే, వయసు మీద పడే కొద్దీ నువ్వు ఆ కిటికీని వెడల్పు చేస్తూ పోతావట. కుర్రతనంలో గంట కొట్టగానే కౌంటరు మూసేసే గుమాస్తావి. ఇప్పుడు గడువు దాటిన దరఖాస్తులు కూడా టేబులు కింద నుంచి తీసుకుంటున్నావు. అందరూ నేను కలపలేక అవస్థ పడుతున్నాననుకుంటారు. కలపలేకపోవడం కాదు, అక్కర్లేనివి కూడా కలిపేయడమే నీ జబ్బు.

ఇందుకు సాక్ష్యం ఉంది. 2000లో ఒక ప్రయోగం చేశారు. తెర మీద ఒక్కసారి వెలుగు మెరిపించి వెంటవెంటనే రెండుసార్లు 'బీప్' అనిపిస్తే, చూసేవాడు రెండు మెరుపులు చూశానని ప్రమాణం చేస్తాడు. కుర్రాళ్లూ మోసపోతారు, కానీ బీపుల మధ్య ఎడం పెరిగితే తేరుకుంటారు. ముసలివాళ్లు అంత తొందరగా తేరుకోరని తర్వాతి ప్రయోగాల్లో తేలింది. 2011లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ వాళ్లు ఇంకో మాట కలిపారు: తరచూ కిందపడే వృద్ధులు ఎక్కువ ఎడమున్నా ఈ మాయలో పడుతున్నారు. అది చదివిన రోజు మా మెట్ల వంక చాలాసేపు చూశాను. ఈ పేరాలో వెటకారం ఏమీ లేదు, గమనించగలవు.

ఇప్పుడు పాల కేసు. మొన్న పొద్దున వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. మా ఆవిడ అటు తిరిగి ఏదో అంది. నువ్వు నాకు అందించిన కాపీ: "కాలు విరిగిందండీ!" పరుగెత్తాను. గడప తగిలి బొటనవేలి గోరు లేచింది. ఆవిడ గిన్నె పట్టుకుని నిక్షేపంగా నిలబడి ఉంది. అన్నది, "పాలు విరిగాయండీ" అని. ఇంకాస్త జోరుగా పరుగెత్తి ఉంటే మొదటి కాపీయే నిజమయ్యేది, కాలు మాత్రం నాది.

తప్పు పూర్తిగా నీది కాదు. వయసులో ముందుగా పోయేది సన్నటి కీచు శబ్దాలు వినే శక్తి. అచ్చులు లావుగా ఉండి చెవికి అందుతాయి, హల్లులు వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. ఆవిడ నా వైపు తిరిగి ఉంటే 'పా' దగ్గర పెదవులు మూసుకోవడం చూసేవాణ్ణి. 'కా' లోపలెక్కడో గొంతు దగ్గర పుట్టేది, దానికి పెదవులతో పనిలేదు. రణగొణలో మనిషి ముఖం కనిపిస్తే మాట ఎంత తెలుస్తుందో సంబీ, పొలాక్ అనే ఇద్దరు పరిశోధకులు 1954లోనే చూపించారు. నేను పుట్టిన ఏడాది. 1976లో నేను తెనాలిలో రైలెక్కి మద్రాసు సెంట్రల్లో దిగితే, అదే ఏడు ఇంగ్లండులో మగర్క్, మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు 'గ' అనే పెదవుల మీద 'బ' అనే గొంతు వేసి చూపించారు. జనానికి వినిపించింది 'డ'! కన్నుదీ కాదు, చెవిదీ కాదు, నువ్వు సొంతంగా రాసిన అక్షరం. మావాళ్లు ఇలా డబ్బింగ్ చేస్తే పేమెంటు ఆపేవారు. వాళ్లది 'నేచర్' అనే సైన్సు పత్రికలో అచ్చయింది.

నీకు ఒకటి రెండు మార్కులు కూడా వెయ్యాలి. 2006లో అమెరికాలో వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీ వాళ్లు చూశారు: బొమ్మా సౌండూ కలిసి వస్తే పెద్దవాళ్లు స్పందించే వేగం బాగా పెరుగుతుందట, ఆ లాభం కుర్రాళ్లకంటే పెద్దవాళ్లకే ఎక్కువట. కన్ను ఒక్కదానితోనో, చెవి ఒక్కదానితోనో నడవలేని సంసారాన్ని రెండూ కలిపి నెట్టుకొస్తున్నావన్నమాట. కానీ సౌండు తీసేసి ఉత్త పెదవులు చదవమంటే కుర్రాళ్లే మెరుగు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ. రేషను షాపు పద్ధతి.

నీకు తోడుదొంగలూ ఉన్నారు. నేను వెళ్లే బ్యాంకులో కౌంటరు అమ్మాయి అద్దం వెనక మాస్కుతో తమిళం మాట్లాడుతుంది, గొంతేమో పక్కనున్న డబ్బాలోంచి వస్తుంది. సినిమా హాల్లో స్పీకర్లు తెర వెనకెక్కడో ఉన్నా మాట హీరో నోట్లోంచే వచ్చినట్టు నమ్మించేవాడివి, ఇక్కడ నమ్మించడానికి నోరు కనబడితేగా! ఆర్కాడు రోడ్డు మీద ఆటో అతను వెనక్కి తిరక్కుండా ఏదో అడుగుతాడు, నేను "ఆమా" అంటాను, తమిళంలో అవునని. చాలాసార్లు ఎక్కడో దిగుతాను. మా మనవరాలు ఫోనులోకి చూస్తూ నాతో మాట్లాడుతుంది. దాని నడినెత్తి పాపిట నేను చదవలేను.

నిన్ను ట్రైనింగుకి పంపవచ్చట. 2009లో అమెరికాలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లు కుర్రాళ్ల చేత, బొమ్మా సౌండూ ఒకేసారి వచ్చాయా లేదా చెప్పిస్తూ, తప్పయితే అక్కడికక్కడే తప్పని చెబుతూ సాధన చేయిస్తే కిటికీ సన్నబడిందట. ఎడిటర్ గారి చూపు చేసింది అదే కదా! ఇక నుంచి రోజూ పావుగంట మనవరాలు సెట్టింగు చెడగొడుతుంది, నువ్వు పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే చూపు నాది. ఈలోగా మెట్ల దగ్గర రెయిలింగు పట్టుకునే పని చేతులకు అప్పగించాను, నీ అనుమతి అడగలేదు.

వంటింట్లోంచి ఆవిడ ఏదో అంటోంది. మిక్సీ తిరుగుతూనే ఉంది. పాలో, కాలో. నువ్వు కాపీ పంపకు, నేనే వెళ్లి ముఖం చూసి వస్తాను.

ఇట్లు,
నీ పాత ఫ్రేముల మనిషి