పసిబిడ్డకు జన్యు జాతకమా?

బిడ్డ బుగ్గలోపల దూదిపుల్లతో తుడిచి కొరియర్‌లో పంపండి, ఏ తిండి పడదో జన్యువులు చూసి చెబుతామంటూ ప్రకటనలు. వీరు అమ్ముతున్నది జాతకం. కాకపోతే పంచాంగం బదులు ప్రయోగశాల ముద్ర ఉంది.

జన్యువుల పాత్రను ఎవరూ కాదనరు. అమెరికాలో 2000లో వెలువడిన కవలల అధ్యయనంలో, ఒకరికి పల్లీల ఎలర్జీ ఉంటే రెండోవారికీ ఉండటం ఒకే పోలిక కవలల్లో 64 శాతం, వేరు పోలిక కవలల్లో 7 శాతం. చర్మాన్ని గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ జన్యువులో లోపముంటే ఎగ్జిమా అనే దురద చర్మవ్యాధితోపాటు పల్లీల ఎలర్జీ ముప్పూ పెరుగుతుంది. పొడిబారి పగిలిన చర్మం గుండా ఇంటి దుమ్ములోని పల్లీ ప్రోటీన్ లోపలికి చేరితే, శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుందని పరిశోధకుల వాదన. అయినా ఈ లోపం ఉన్నవారిలో అత్యధికులు పల్లీలు నిక్షేపంగా తింటున్నారు. ఆ మాట ప్రకటనలో ఉండదు.

ముందే తెలిస్తే జాగ్రత్తపడవచ్చు కదా అని అమ్మకందారులు అంటారు. ఏం జాగ్రత్త? నివేదిక చూసి హడలిన తల్లి చేసే మొదటి పని ఆ తిండిని మాన్పించడం. లండన్‌లో ఎగ్జిమా, గుడ్డు ఎలర్జీ వంటి ముప్పున్న 640 మంది శిశువులపై జరిపిన అధ్యయనం 2015లో ఏం తేల్చింది? పల్లీలకు దూరంగా ఉంచినవారిలో ఐదేళ్లు వచ్చేసరికి 17.2 శాతానికి ఎలర్జీ వచ్చింది. వైద్యుల కనుసన్నల్లో తినిపించినవారిలో 3.2 శాతానికే. అంటే ఈ కాగితం భయపెట్టి, తాను చెప్పిన జోస్యాన్ని తానే నిజం చేసుకోగలదు!

మా ఆందోళన అంతకంటే పెద్దది. రాని జబ్బుకు పసిబిడ్డ మీద ముద్ర వేయడం నేడు తిండితో మొదలైతే రేపు ఎక్కడ ఆగుతుంది? బడి ప్రవేశం దగ్గరా? పెళ్లిచూపుల దగ్గరా? జన్యు కారణాలు చూపి ఆరోగ్య బీమా ఎగ్గొట్టడం వివక్షేనని 2018లో ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చిన దేశం ఇది. ఇక ఇళ్లలో సంగతి సరేసరి. బిడ్డకు దద్దుర్లు లేస్తే ‘మీ పుట్టింటి నుంచే వచ్చింది’ అని కోడలిని సాధించేవారికి ఇప్పుడు అచ్చు కాగితం కూడా చేతికిస్తారా? రాని జబ్బుకు వేసిన ముద్రను ఆ బిడ్డ పెద్దయ్యాక ఎవరు చెరుపుతారు?

పల్లీలు, పాలు, గుడ్లు ఉంటే పొట్లం మీద రాయాల్సిందేనని నిబంధన పెట్టిన కేంద్రం, ఈ కిట్ల జోస్యం ఎంత నిజమో రుజువు చూపాకే అమ్మండని ఎందుకు అనదు? చిరుతిళ్ల పొట్లానికి ఉన్న పట్టింపు పసిబిడ్డ జన్యువులకు లేదా?