'వద్దు' అన్నవాళ్లంతా ఒకే మాట అనలేదు

విశ్వవిద్యాలయాల్లో విరాళాలు, పూర్వ విద్యార్థుల వ్యవహారాలు చూసేవాళ్ల మధ్య కొంతకాలంగా ఒక సందేశం చేతులు మారుతోంది. దాని సారాంశం ఇదీ. డేటాబేస్‌లో సంప్రదింపుల కోడ్లు, అంటే ఎవరికి ఏది పంపొచ్చో ఏది పంపకూడదో తెలిపే గుర్తులు, పదులకొద్దీ పెట్టుకోవడం డేటా సిబ్బంది తెచ్చిపెట్టిన తలనొప్పి. 'సంప్రదించవద్దు' అనే ఒక్క టిక్ ఉంటే చాలు. టిక్ పడినవారికి ఏదీ వెళ్లదు, పడనివారికి అన్నీ వెళ్తాయి. అప్పటికీ గొడవ పెట్టేవారుంటే రికార్డే తీసేయాలి.

చదవగానే సబబుగానే అనిపిస్తుంది. అందుకే అంతమంది పంచుకున్నారు, నాకూ ముగ్గురు నలుగురు పంపి మీరేమంటారని అడిగారు. ఏళ్ల తరబడి ఈ కోడ్లు ఎంట్రీ చేస్తూ, ఉత్తరాలకు జాబితాలు తీస్తూ, పొరపాటు జరిగిన రోజున అవతలివారి బాధ ఫోన్‌లో వింటూ వచ్చాను. ఈ సలహా పాటిస్తే దెబ్బ తినేది మనల్ని నమ్మి ఒక మాట చెప్పినవాళ్లే. కాబట్టి ఒక్కో వాదనా తీసుకుని జవాబు చెబుతాను.

వద్దన్నవారు వద్దన్నట్టే, అందులో రకాలేముంటాయి అన్నది మొదటి వాదన. మనకు రోజూ వచ్చే ఉత్తరాలు, ఫోన్లు కాస్త గుర్తు చేసుకోండి. "పనివేళల్లో ఫోన్ చేయకండి." "ఇంత కాగితం ఎందుకండీ, మెయిల్ పంపితే చాలు." "ఏడాదికి ఒక్కసారి అడగండి, డిసెంబరులో నేనే పంపుతాను." "డబ్బు అడగొద్దు గానీ పత్రిక మాత్రం ఆపకండి." "మా విభాగం కబుర్లయితే పంపండి, మిగతావి నాకెందుకు?" "దాతల జాబితాలో నా పేరు వేయకండి." వీటిలో ఏ ఒక్కటీ 'నాతో మాట్లాడకండి' అని కాదు. చివరిదైతే సంప్రదింపులకు సంబంధించిందే కాదు, పేరు బయటపెట్టడం గురించి. నిజంగానే ఏదీ వద్దనేవారు ఉంటారు. వారి మాట అక్షరాలా పాటించాల్సిందే. కానీ ఒక్క టిక్ పెట్టెలో వీళ్లందరూ ఒకే మనిషి అయిపోతారు.

ఒక రికార్డు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఫోన్లు చేసి విరాళాలు అడిగే కార్యక్రమంలో ఒక విద్యార్థి రాసుకున్న చీటీ: "తల్లిగారు పోయారు. ఇప్పుడు ఫోన్లు వద్దన్నారు." ఎంట్రీ చేసినవారికి అప్పట్లో మా దగ్గర ఉన్నది ఒకే పెట్టె. టిక్ పెట్టి, చీటీలో మాటను వ్యాఖ్యల గడిలో ఎక్కించారు. జాబితా తీసేటప్పుడు వ్యాఖ్యల గడి ఎవరూ తెరవరు. వేలాది పేర్లలో ఎవరు తెరుస్తారు? నాలుగేళ్ల తర్వాత ఆవిడ బ్యాచ్ కలుసుకుంది, చదువు ముగిసి పాతికేళ్లయిన సందర్భం. స్నేహితురాళ్లు పంపిన ఫొటోలు చూసి ఆవిడ మాకు ఫోన్ చేశారు. కోప్పడలేదు. "నన్నెందుకు పిలవలేదండీ?" అని మాత్రం అడిగారు. రికార్డు తెరిచి చూస్తే టిక్ ఉంది, కింద ఆ చీటీ మాట ఉంది, అందులో 'ఇప్పుడు' అన్న పదం ఉంది. ఆ పదాన్ని పట్టుకోవడానికి మా దగ్గర గడే లేదు. ముగింపు తేదీ అనే ఒక్క గడి ఉండి ఉంటే, ఆరు నెలలకో ఏడాదికో ఎవరో ఒకరు ఆ రికార్డును మళ్లీ చూసేవారు.

ఇంతకంటే పెద్ద చిక్కు, దాత చెప్పని సంగతులు కూడా ఆ ఒక్క టిక్‌లోకే చేరడం. ఉత్తరం తిరిగొచ్చిందనుకోండి. చిరునామా మారిందని దాని అర్థం, ఉత్తరాలు వద్దని కాదు. ఒక్క పెట్టే ఉన్నచోట సిబ్బంది దాన్నే టిక్ చేస్తారు, తిరిగొచ్చే కవర్లు ఆగాలి కదా. రెండేళ్లకు కొత్త చిరునామా దొరికి ఎక్కించినా, టిక్ అలాగే ఉంటుంది కాబట్టి ఏదీ వెళ్లదు. మనిషి దొరికాడు, ఉత్తరం మాత్రం పోదు. చనిపోయినవారి విషయం మరీ సున్నితం. అది ఇష్టాయిష్టాల సంగతి కాదు, ఆ రికార్డు స్థితి. దానికి వేరే గడి, తేదీ ఉండాలి. భర్త పోయిన తర్వాత భార్య రికార్డును వేరుగా చూసుకోవాలి. లేదంటే పోయినవారి పేరుతో విరాళం అడుగుతూ ఉత్తరం ఆ ఇంటికే వెళ్తుంది.

ఇంకొకటి, దీన్ని పైకి ఎవరూ ఒప్పుకోరు. పెద్ద దాతను చూసుకునే అధికారి, "ఈయనకు నేను తప్ప ఎవరూ రాయకండి" అని టిక్ పెట్టిస్తారు. ఆ కోరిక అధికారిది, దాతది కాదు. అధికారి ఉద్యోగం మారి వెళ్లిపోతారు, టిక్ ఉండిపోతుంది. తర్వాత వచ్చినవారు దాన్ని చూసి, ఈయన మనమీద అలిగారు కాబోలనుకుని దూరంగా ఉంటారు. ఏ ఆంక్షనైనా పెట్టింది దాతా, మనమా అన్నది రికార్డులో విడిగా కనపడాలి. మనం పెట్టుకున్నదైతే దానికి గడువు తప్పనిసరి.

దంపతులిద్దరూ మన పూర్వ విద్యార్థులే అయిన ఇళ్లలో మరో తమాషా జరుగుతుంది, ఆ ఇంటివారికి మాత్రం అది తమాషా కాదు. భర్త వద్దన్నారు, టిక్ ఆయన రికార్డు మీద పడింది. ఉత్తరం భార్య రికార్డు నుంచి బయల్దేరింది, పైన మాత్రం ఇద్దరి పేర్లూ. ఆయన దృష్టిలో మనం మాట తప్పాం, అది నిజమే కూడా. జంటగా పేర్లు వేసే ముందు ఇద్దరి రికార్డులూ చూసే నియమం పెట్టాలి. టిక్‌ల సంఖ్య తగ్గిస్తే ఇది తీరదు.

టిక్ పడనివారికి అన్నీ పంపొచ్చన్న వాదనకు జవాబు చిన్నదే. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న ఐరోపా వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ ప్రకారం మౌనం సమ్మతి కాదు, ముందే టిక్ పెట్టి ఉంచిన పెట్టె కూడా సమ్మతి కాదు. సమ్మతి మీద ఆధారపడి పంపుతుంటే, ఆ సమ్మతి ఇచ్చారని చూపించగలగాలని 7వ అధికరణ చెబుతుంది. తేదీ లేని, ఎక్కడ ఎలా చెప్పారో లేని టిక్ దేన్ని రుజువు చేస్తుంది? 21వ అధికరణ మాటలు ఇంకా గమనించదగ్గవి. ప్రచారం కోసం తన వివరాలు వాడొద్దని మనిషి అభ్యంతరం చెబితే, ఆ పనికి ఇక వాడకూడదు. 'ఆ పనికి' అన్నది ముఖ్యం. చట్టమే ఏ పని మీద అన్నది విడదీసి మాట్లాడుతుంటే, మన డేటాబేస్ ఒక్క పెట్టెలో కుక్కితే ఎలా? భారతదేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలంటుంది.

ఇక ఒక్క టిక్ ఉంటే తప్పులు తగ్గుతాయన్న వాదన. నా అనుభవంలో జరిగింది దీనికి పూర్తిగా ఎదురు. రసీదు సంగతే చూడండి. 'ఏదీ పంపొద్దు' అన్న టిక్ ఉన్న మనిషి ఆన్‌లైన్‌లో విరాళం ఇచ్చారు. రసీదు ఆపాలా? అమెరికాలో 250 డాలర్లు, అంతకు మించి ఇచ్చిన దాత పన్ను మినహాయింపు కోరాలంటే సంస్థ నుంచి రాతపూర్వకమైన ధ్రువీకరణ చేతిలో ఉండాలి. కాబట్టి రసీదు పంపి తీరాలి. అంటే మొదటి రోజే ఆ టిక్‌కు ఒక మినహాయింపు పడింది. రెండో మినహాయింపు స్నాతకోత్సవ ఆహ్వానం. మూడోది స్కాలర్‌షిప్ అందుకున్న విద్యార్థి రాసిన కృతజ్ఞత లేఖ, దాత ఎదురుచూసేది అదే. టిక్ పెడితే ఇవన్నీ ఆగిపోతాయని తెలిసిన సిబ్బంది చివరికి టిక్ పెట్టడమే మానేస్తారు. "ఈయనకు ఫోన్ చేయకూడదు" అన్న సంగతి ఎవరో ఒకరి ఎక్సెల్ షీటులోనో, గుర్తులోనో ఉంటుంది. ఆ ఒకరు సెలవులో ఉన్న రోజే జాబితా తీస్తారు.

ఆ సందేశంలో ఒక నిజం ఉంది, దాన్ని ఒప్పుకుంటాను. కోడ్లు అడ్డూ అదుపూ లేకుండా పెరగడం జబ్బే. ఒకే అర్థానికి మూడు కోడ్లు, ఎవరు ఎందుకు పెట్టారో తెలియని రెండు, 'మెయిల్ వద్దు' అంటే తపాలా వద్దా ఈమెయిల్ వద్దా తేలనిది ఇంకొకటి. ఈ చివరి దాన్ని విప్పడానికి మేం వందల పాత ఉత్తరాలు బయటికి తీయాల్సి వచ్చింది. అయితే చిందరవందరగా ఉన్న బీరువాను సర్దుకుంటాం గానీ, బట్టలన్నీ ఒక్క మూటగా కట్టేయం కదా.

సర్దే పద్ధతి కష్టమైందేమీ కాదు. ప్రతి కోరికా రికార్డులో ఒక వరుస. అందులో ఏ దారి: ఉత్తరం, ఫోన్, ఈమెయిల్, మెసేజ్, లేదా అన్నీ. ఏ పని మీద: విరాళం అడగడం, వార్తలు, కార్యక్రమాలు, సర్వేలు, లేదా అన్నీ. ఎప్పటినుంచి, ఎప్పటిదాకా. ఎవరు, ఎలా చెప్పారు. ఎంట్రీ చేసేవారికి కనపడేది రెండు చిన్న డ్రాప్‌డౌన్లు, రెండు తేదీలు, ఒక ఆధారం. 'ఏదీ వద్దు' అన్నవారికి రెండు చోట్లా 'అన్నీ' ఎంచుకుంటే సరి, ఆ ఒక్క టిక్ చేసే పని ఇందులోనే జరిగిపోతుంది. రసీదులు ఈ జల్లెడలోకి రావు, ఎందుకంటే అవి దాత చేసిన పనికి మనం ఇవ్వాల్సిన జవాబు. రెండు వరుసలు ఒకదానికొకటి పొసగకపోతే కొత్తది నిలుస్తుంది. ఏది కొత్తదో తేలకపోతే ఎక్కువ కట్టుబాటు ఉన్నదే నిలుస్తుంది. ఒకే మనిషికి ఉన్న రెండు రికార్డులను కలిపేటప్పుడు కూడా ఇదే లెక్క. కలపడంలో కోరికల వరుసలు రాలిపోవడం మాత్రం చాలా మామూలుగా జరుగుతుంది, ఆ రోజు కళ్లలో ఒత్తులు వేసుకుని చూడాలి. జాబితా తీసే క్వెరీలోనే, అంటే డేటాబేస్‌కు ఇచ్చే ఆదేశంలోనే, ఈ జల్లెడ ఉండాలి, తీసే మనిషి జ్ఞాపకం మీద వదలకూడదు.

మెయిల్ కింద అన్‌సబ్‌స్క్రైబ్ లింక్ ఉంది కదా, ఇంకా కోడ్లెందుకు అని కూడా ఆ సందేశంలో ఉంది. 2024 ఫిబ్రవరి నుంచి, రోజుకు 5000కు మించి జీమెయిల్ ఖాతాలకు మెయిళ్లు పంపేవారు తమ ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో వైదొలగే వీలు ఇవ్వాలని, ఆ కోరికను రెండు రోజుల్లో అమలు చేయాలని గూగుల్ నియమం పెట్టింది. మంచిదే. కానీ ఆ నొక్కు చేరేది మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్‌కు. అక్కడినుంచి మన డేటాబేస్‌లోకి రాకపోతే, వచ్చే నెల మరో విభాగం మరో సాఫ్ట్‌వేర్ నుంచి అదే మనిషికి మళ్లీ పంపుతుంది. వచ్చాక దాన్ని 'ఈమెయిల్ వద్దు' అనే రాయాలి. ఆయన ఫోన్ గురించీ, ఉత్తరాల గురించీ ఏమీ అనలేదు.

చివరిది, గొడవ పెడితే రికార్డు తీసేయమనడం. మేం ఒకసారి అదే చేశాం. ఒక పూర్వ విద్యార్థి బాగా విసిగిపోయి, ఇక నుంచి మీ దగ్గర్నుంచి ఏదీ రాకూడదని రాశారు. క్షమాపణ చెప్పి, ఆయన వివరాలన్నీ తొలగించి, ఇక రాదని మాటిచ్చాం. మూడు నెలలకు ఒక విభాగం తమ పాత విద్యార్థుల ఎక్సెల్ షీటు పంపింది. ఆయన పేరు అందులో ఉంది. డేటాబేస్‌లో ఆయన జాడే లేదు కాబట్టి కొత్త రికార్డుగా ఎక్కింది, విరాళం అడుగుతూ ఉత్తరం వెళ్లింది. ఆయన ఆ ఉత్తరాన్నీ, దానికి పిన్ను చేసి మేం అంతకుముందు రాసిన హామీ లేఖనూ వెనక్కి పంపారు. మీద ఒక్క అక్షరం రాయలేదు.

ప్రచారం వద్దన్నవారిని పూర్తిగా చెరిపేయడం కంటే, మళ్లీ పంపకుండా ఉండడానికి సరిపడా వివరాలు మాత్రం ఒక ఆపుదల జాబితాలో ఉంచమని బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం కూడా చెబుతుంది. ఇప్పుడు మేం అలాంటివారి పేరు, చిరునామా, ఈమెయిల్, ఫోన్ నంబరు, 'ఏదీ వద్దు' అన్న వరుస, చెప్పిన తేదీ ఉంచి, మిగతావన్నీ తీసేస్తాం. ఇవి ఎందుకు ఉంచుతున్నామో వారికి రాసే జవాబులోనే చెబుతాం. ఏ విభాగం నుంచి ఏ షీటు వచ్చినా ముందు ఈ జాబితాతో సరిచూసి, ఆ తర్వాతే లోపలికి ఎక్కిస్తాం.