ఒక తెర, అయిదుగురు పిల్లలు

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లలకు ట్యాబ్‌ల పంపిణీ మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి పిల్లలు నాలుగున్నర లక్షల మందికి పైగా, ఉపాధ్యాయులు సుమారు 59 వేల మంది. అందరికీ తలా ఒకటి. బైజూస్ పాఠాలు ముందే నింపి ఇచ్చారు. ఆ తరవాతి రభస తెలిసిందే: ధర ఎంత, పిల్లలు వాటిలో పాఠాలు చూస్తున్నారా సినిమాలు చూస్తున్నారా, పాఠాలిచ్చిన సంస్థే 2024లో దివాలా ప్రక్రియలోకి వెళితే ఇక వాటి గతేమిటి? ఇవన్నీ అడగదగ్గ ప్రశ్నలే. కానీ వీటికంటే ముందుండవలసిన ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించలేదు. తలా ఒకటి ఎందుకు?

పార్టీలు మారినా, రాష్ట్రాలు మారినా ఒక నమ్మకం మారడం లేదు. పిల్లవాడికి సొంత తెర ఉండటమే ఆదర్శం, నలుగురూ ఒకదాని ముందు కూర్చోవడం పేదరికం అని ఆ నమ్మకం. దీన్ని ప్రపంచ స్థాయిలో పరీక్షించి చూసిన దేశం పెరూ. నికొలస్ నెగ్రోపాంటె బృందం 2005లో ప్రకటించిన ‘పిల్లకొక ల్యాప్‌టాప్’ పథకాన్ని ఆ దేశం పల్లె బడుల్లో భారీగా అమలు చేసింది. ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు పరిశోధకులు 319 బడులను పరిశీలించి 2012లో ఫలితాలు వెల్లడించారు. విద్యార్థికి 0.12గా ఉన్న కంప్యూటర్ల నిష్పత్తి 1.18కి పెరిగింది. తర్కశక్తి పరీక్షల్లో కొద్దిపాటి మెరుగుదల కనిపించింది. లెక్కల్లో, భాషలో మాత్రం తేడా ఏమీ లేదు.

సరిగ్గా దీనికి ఎదురు దిక్కున సాగిన ప్రయోగం మన పొరుగునే, బెంగళూరులో జరిగింది. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో కెంటారో తొయామా, ఉదయ్ సింగ్ పవార్, వారి సహచరులు పల్లె బడుల్లో ఒక దృశ్యం పదేపదే చూశారు. కంప్యూటర్ ఒకటి, చుట్టూ పదిమంది పిల్లలు, మౌస్ మాత్రం ఒకే చేతిలో. ఆ చెయ్యి తరచూ వయసులోనో హోదాలోనో పెద్దవాడిది. మిగతావాళ్లు కాసేపు మెడలు సాచి చూస్తారు, తరవాత కిటికీలోంచి చూస్తారు. ఇంకో పది కంప్యూటర్లు కొనాలని ఎవరైనా అంటారు. వీళ్లు అదే కంప్యూటర్‌కు అయిదు మౌస్‌లు తగిలించారు. తెర మీద ఒక్కొక్కరికి ఒక్కో రంగు బాణం గుర్తు. ఖర్చు కంప్యూటర్ ధరతో పోలిస్తే చిల్లర.

అసలు విశేషం ఆ తరవాతి మెట్టులో ఉంది. 2007లో ప్రచురించిన పరిశోధనలో పల్లె బడుల పిల్లలు 238 మందికి ఇంగ్లీషు మాటలు నేర్పుతూ నాలుగు పద్ధతులను పోల్చారు: ఒక్కరికే ఒక కంప్యూటర్, అయిదుగురికి ఒకే మౌస్, అయిదుగురికీ తలా ఒక మౌస్‌తో రెండు రకాల ఆట. మొదటి ఆటలో ఎవరు ముందు సరైన జవాబు నొక్కితే వాళ్లతోనే తెర ముందుకు సాగుతుంది. రెండో దానిలో అయిదుగురూ ఒకే జవాబు మీదికి రావాలి, అప్పటిదాకా తెర కదలదు. సొంత కంప్యూటర్ ఉన్న పిల్లలు నేర్చినన్ని మాటలూ, కాసేపటి వాడకంలోనే అయినా, తలా ఒక మౌస్ పట్టుకుని కంప్యూటర్‌ను పంచుకున్న పిల్లలూ నేర్చుకున్నారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ రెండో ఆట నియమం. తెలిసిన పిల్ల తెలియని పిల్లకు చెప్పక తప్పదు, చెప్పకపోతే తన ఆటే ఆగిపోతుంది. పక్కవాడికి చెప్పవలసిన అవసరాన్ని నీతిబోధతో కాకుండా సాఫ్ట్‌వేర్ నియమంతో పుట్టించారు.

కంప్యూటర్ ముందు గుంపును వదిలేస్తే చదువు దానంతటదే వస్తుందన్న వాదన కూడా మన దేశంలోనే పుట్టింది. 1999లో సుగతా మిత్రా ఢిల్లీ కాల్కాజీలో మురికివాడ వైపున్న గోడలో కంప్యూటర్ అమర్చారు. పిల్లలు ఒకరిని చూసి ఒకరు దాన్ని వాడటం నేర్చుకున్నారు. కథ ప్రపంచమంతా తిరిగింది, 2013లో ఆయనకు పది లక్షల డాలర్ల టెడ్ బహుమతి తెచ్చింది. అయితే ఆ తరవాత అలాంటి కియోస్కులను చూడబోయిన పరిశోధకులకు వేరే సంగతి కనిపించింది. పెద్ద మగపిల్లలు ముందు నిలబడి ఆటలు ఆడుకోవడం, ఆడపిల్లలు దూరంగా ఉండటం, చివరికి కొన్నిచోట్ల కియోస్కులే మూతపడటం. మిత్రాకు దక్కిన ప్రశంసలో న్యాయమైన వాటా ఉంది, పిల్లల కుతూహలాన్ని ఆయన తక్కువ అంచనా వేయలేదు. గోడ దగ్గర ఎవరు ముందు నిలబడతారన్నది మాత్రం ఊళ్లో అప్పటికే తేలిపోయి ఉంటుంది, కంప్యూటర్ దాన్ని మార్చదు.

వడోదర మునిసిపల్ బడుల అనుభవం ఈ రెంటికీ నడిమధ్య ఉంటుంది. అక్కడ ప్రథమ్ సంస్థ నాలుగో తరగతి పిల్లలను జంటలుగా కూర్చోబెట్టి, వారానికి రెండు గంటలు లెక్కల ఆటలు ఆడించింది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం రెండో ఏడాదికి లెక్కల్లో లాభం 0.47 ప్రామాణిక విచలనం (పిల్లల మార్కులు సగటుకు మామూలుగా ఎంత అటూఇటూగా ఉంటాయో చెప్పే కొలత ఇది). విద్యా పరిశోధనల్లో ఇది పెద్ద అంకె. పథకం ఆగిన ఏడాదికి అందులో ఎక్కువ భాగం కరిగిపోయిందని కూడా వాళ్లే రాశారు. జంట వల్లే లాభమని ఆ అధ్యయనం చెప్పలేదు కానీ, తెర పంచుకోవడం అడ్డు కాలేదన్నది మాత్రం స్పష్టం.

ఇక్కడ అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులు ఒక సందేహం అడుగుతారు. గుంపులో తెలిసినవాడి జవాబును తెలియనివాడు ఎత్తిరాయడం తప్ప జరిగేదేమిటి? దీన్ని నేరుగా పరీక్షించినవారున్నారు. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1991 నుంచి ఒక పద్ధతి నడిపారు. ప్రశ్న వేస్తారు, ప్రతి విద్యార్థీ ముందు సొంతంగా జవాబు ఎంచుకుంటాడు, పక్కవారితో వాదిస్తాడు, మళ్లీ ఎంచుకుంటాడు. జవాబు నొక్కి పంపడానికి విద్యార్థి చేతిలో ఉండే చిన్న మీట పెట్టె చేసే మేలు ఒకటుంది: మొదటి జవాబు ఎవరికీ కనిపించదు. మన తరగతిలో చేతులెత్తమంటే ఏం జరుగుతుందో తెలుసు కదా, ఫస్టు ర్యాంకు పిల్ల చెయ్యి ఎటు లేస్తే తరగతంతా అటే. 2009లో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇంకొక అడుగు వేసి, చర్చ తరవాత అదే భావన మీద మరో ప్రశ్న ఇచ్చి ఎవరికి వారే జవాబివ్వమన్నారు. విద్యార్థులు మెరుగుపడ్డారు. మొదట ఒక్కరికీ సరైన జవాబు తెలియని గుంపుల్లోనూ మెరుగుదల కనిపించింది. ఎత్తిరాయడానికి అక్కడ ఏమీ లేదు.

కంబైన్డ్ స్టడీ మనకు కొత్త కాదు. పదో తరగతి పరీక్షల ముందు మేడ మీద రాత్రి చదువులు, చిక్కడపల్లి గ్రంథాలయం చుట్టూ, అశోక్‌నగర్ గదుల్లో పోటీ పరీక్షల అభ్యర్థులు ఒకరికొకరు పాలిటీ, ఎకానమీ చెప్పుకోవడం. (గ్రూప్స్‌కు చదివేవాళ్లు గ్రూపులుగా చదవడం సహజమే.) విచిత్రమేమిటంటే ఫోను వచ్చాక ఈ అలవాటు పలచబడింది. టెలిగ్రామ్ గ్రూపుల్లో వేలమంది ఉంటారు, పీడీఎఫ్‌లు ప్రవాహంలా వస్తాయి, ప్రశ్న అడిగేవారు అరుదు, తన వాదన రాసి తప్పుబట్టమనేవారు ఇంకా అరుదు. అది కలిసి చదవడం కాదు, కలిసి డౌన్‌లోడ్ చేసుకోవడం.

ఇంజినీరింగు కళాశాలల్లో పరిస్థితి మరీ దారుణం. నలుగురిని ఒక బ్యాచ్ చేసి ప్రాజెక్టు ఇస్తారు. ఒకడు పని చేస్తాడు, లేదా అమీర్‌పేటలో కొనుక్కొస్తారు, నలుగురి పేర్లూ అట్ట మీద ఉంటాయి. బడిలో ఫార్మేటివ్ మార్కుల కోసం చేసే ప్రాజెక్టు పని గైడులోంచి దిగుతుంది. గుంపు పనికి మన దగ్గర చెడ్డపేరు ఊరికే రాలేదు.

కంప్యూటర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడేనని నా అభిప్రాయం. మేడ మీద జరిగిన వాదన తెల్లారేసరికి ఎవరికీ గుర్తుండదు, రాతలో పెడితే ఉంటుంది. టొరంటోలో మార్లిన్ స్కార్డమాలియా, కార్ల్ బెరైటర్ 1980లలోనే బడిపిల్లల కోసం ఇలాంటి ఉమ్మడి రాతపలక తయారు చేశారు. పిల్లలు రాసే ప్రతి చీటీకీ ఒక మొదలు ఉంటుంది: ‘నా సిద్ధాంతం ఇది’, ‘నాకు అర్థం కావలసింది ఇది’. మరొకరు దాని మీద తమ చీటీ తగిలిస్తారు. ఉపాధ్యాయుడికి జవాబుతో పాటు ఆ జవాబు ఎలా మారుతూ వచ్చిందో కూడా కనిపిస్తుంది. తెలుగులో ఇలాంటిది చూడాలంటే దూరం పోనక్కర్లేదు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి వ్యాసానికీ చర్చాపేజీ, చరిత్ర ఉంటాయి. ఏ వాక్యం ఎవరు చేర్చారు, ఎవరు ఎందుకు తీసేశారు అన్నీ అందులో ఉంటాయి, పెద్ద తగవులకు రచ్చబండ ఉంది. నలుగురు సభ్యుల బ్యాచ్‌లో ఏ పనీ చేయనివాడు ఇలాంటి చోట దాక్కోలేడు.

నా వాదనకు గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని తప్పించుకోలేను. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ కేంద్రాల మీద కార్తీక్ మురళీధరన్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనం ఒక్కో పిల్ల స్థాయిని బట్టి పాఠం మార్చే సాఫ్ట్‌వేర్‌కు మంచి ఫలితాలు చూపింది. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనం. అక్కడ పిల్లలు సగం సమయం సాఫ్ట్‌వేర్‌తో, సగం సమయం చిన్న బృందంగా ఒక సహాయకుడి దగ్గర గడిపారు. అయినా ఘనత ప్రధానంగా సాఫ్ట్‌వేర్‌దేనని పరిశోధకుల అభిప్రాయం, దాన్ని కాదనే ఆధారం నా దగ్గర లేదు. ఎనిమిదిలో ఉండి భాగాహారం రాని పిల్లకు ఒంటరి తెర మేలే చేయవచ్చు. భాగాహారం ఎందుకు అలా పనిచేస్తుందో, వర్షాధార పంటకు, బోరు పంటకు నీటి లెక్క ఎలా మారుతుందో తేల్చవలసినప్పుడు మాత్రం ఆ తెరకు ఎదురు చెప్పేవారు కావాలి.

ఉపాధ్యాయుడి పని దీనితో తగ్గదు, పెరుగుతుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ బడుల్లో కంప్యూటర్ లేకుండానే, కార్డులతో, వేర్వేరు తరగతుల పిల్లలను ఒకే గదిలో బృందాలుగా చదివించే పద్ధతి దశాబ్దాలుగా నడుస్తోంది. ఏ బృందానికి ఉపాధ్యాయుడి సాయం పూర్తిగా కావాలి, ఏ బృందం పిల్లలు ఒకరికొకరు చాలు అన్నది అక్కడ ముందే రాసి ఉంటుంది. ఈ ఏర్పాటు రాసేవారు లేకుండా తెరలు మాత్రమే కొంటే వచ్చేది మళ్లీ ఒకే చేతిలో మౌస్.

మార్కుల సంగతి తేలకుండా ఇదేదీ నిలవదు. స్లిప్ టెస్టులతో మొదలుపెట్టవచ్చు. అయిదుగురి బృందం ఒక లెక్క మీద కలిసి పనిచేశాక, వివరించడానికి ఎవరు లేవాలో కంప్యూటర్ చీటీ తీయాలి, ఎవరు లేచినా వచ్చిన మార్కు అయిదుగురికీ. బాగా చదివే పిల్లల తల్లిదండ్రులు మొదట గొడవకు వస్తారు, రావడం న్యాయమే. వాళ్లకు చూపించవలసింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నోరీన్ వెబ్ ఏళ్ల తరబడి చేసిన పరిశోధన. బృందంలో ఎక్కువగా నేర్చుకున్నది ఇతరులకు వివరంగా చెప్పిన పిల్లలు. జవాబు మాత్రమే అందుకున్నవారికి ఆ లాభం లేదు. చీటీలో తన పేరు రావచ్చని తెలిసిన పిల్ల జవాబుతో సరిపెట్టుకోదు, ఎందుకని అడుగుతుంది. చెప్పే పిల్లకు కావలసింది కూడా ఆ ప్రశ్నే.