ముప్పు తొలగించబడింది

మొన్న సాయంత్రం ద్వారకానగర్‌లోని ఒక కంప్యూటర్ల దుకాణంలో 799 రూపాయలు పోసి, నా ల్యాప్‌టాప్ గొంతు నొక్కే యంత్రాంగాన్ని నేనే కొని తెచ్చుకున్నాను. ఒక శిష్యుడి పెన్‌డ్రైవ్ పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోవడం, నేను కంగారుపడి ఆటో ఎక్కడం, "ఈ యాంటీవైరస్ వేసుకోండి సార్, ఇంకేం చూసుకోనక్కర్లేదు" అని కౌంటర్లోని కుర్రాడు అనడం, అన్నీ ఒక గంటలోనే జరిగిపోయాయి. చూసుకోనక్కర్లేదన్న మాట పుట్టుకతోనే చూపు లేని నాకు మహా నచ్చింది.

చూపు లేని కుర్రాళ్ళకు ఎంవీపీ కాలనీలోని మా ఇంట్లో పదేళ్ళుగా కంప్యూటర్ నేర్పుతున్నాను. యాంటీవైరస్‌కు డబ్బు కట్టకముందే ట్రయల్ వేసి, ట్యాబ్ మీట నొక్కుతూ పోతే ప్రతి బటనూ తన పేరు చెబుతోందా, హెచ్చరిక వచ్చినప్పుడు అది చెవికి వినిపిస్తోందా, పొరపాటున పట్టుకున్న ఫైలును కీబోర్డుతోనే విడిపించగలమా అని పరీక్షించుకోవాలని వాళ్ళకు ప్రతి బ్యాచ్‌లోనూ పాఠం చెబుతాను. నేను మాత్రం ఇవేవీ చేయలేదు.

ఇంటికొచ్చి దాన్ని ఎక్కించి స్కాన్ మొదలుపెట్టాను. తెర మీద ఉన్నదాన్ని నాకు చదివి వినిపించేది ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధుడు మొదలుపెట్టిన ఆ స్క్రీన్ రీడర్ పూర్తిగా ఉచితం, పైగా నాతో తెలుగులో కూడా మాట్లాడుతుంది. ఆ గొంతు "నలభై ఒక..." అని, శాతమన్న మాట పూర్తి కాకుండానే ఆగిపోయింది. మరుక్షణం ఎవరో అమ్మాయి ఎంతో తీయటి ఇంగ్లీషులో, ముప్పు తొలగించబడిందని ప్రకటించింది. ఆ ముప్పు మరేదో కాదు, నా ఎన్‌వీడీఏయే. మీటల నొక్కుళ్ళను గమనించడం, ఇతర ప్రోగ్రాముల లోపలికి తొంగి చూడడం స్క్రీన్ రీడర్ చేసే పని. దొంగ సాఫ్ట్‌వేర్లు చేసేదీ అదే కాబట్టి కాపలావాడు ఇంటి యజమానినే మెడబట్టి గెంటేశాడన్నమాట.

సరిగ్గా ఆ సమయానికే పక్క ఫ్లాట్ మామ్మగారు తోడు కోసం గిన్నె పట్టుకొని వచ్చారు. తెర మీద ఏముందో కాస్త చెప్పమని బతిమాలాను. కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయిందని, అయినా ఫరవాలేదని కుర్చీ లాక్కొని కూర్చున్న ఆవిడ, అక్షరాలను పక్కనబెట్టి బొమ్మలతో మొదలుపెట్టారు.

"ఎర్రటి డాలొకటి ఉంది బాబూ, దాని మీద ఇంటూ గుర్తుంది. పక్కన మొగుడూ పెళ్ళాం, ఇద్దరు పిల్లలు సోఫాలో కూర్చుని నవ్వుతున్నారు."

"వాళ్ళనలా ఉండనివ్వండి మామ్మగారూ. కింద ఏమైనా రాసి ఉందా?"

"ఆ పిల్ల మెడలో ఏటీ లేదేటి? చేతులు కూడా బోసిగానే ఉన్నాయి."

కంప్యూటర్ భద్రతకు సోఫాలో నవ్వుతున్న కుటుంబంతో ఏం సంబంధమో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఆ బొమ్మ గీయించడానికి ఖర్చుపెట్టిన డబ్బులో పదో వంతు పెట్టి బటన్లకు పేర్లు తగిలించి ఉంటే నేను మామ్మగారిని ఇబ్బంది పెట్టి ఉండేవాణ్ణి కాదు. నా ఆలోచన ఇలా సాగుతుండగా ఆవిడ ఆ ఇల్లాలి పెద్దకొడుకుకు తండ్రి పోలికే రాలేదని తేల్చి, చివరికి బటన్ల దగ్గరకు దిగారు. ఒకటి ఆకుపచ్చగా నిగనిగలాడుతోందట, రెండోది బూడిదరంగులో ఉండీ లేనట్టుగా ఉందట.

"ఆ బూడిదరంగు దాని మీద ఏముందో చూడండి."

"ఆర్... ఈ... ఎస్... టీ..."

"రిస్టోర్! అదే, అదే నొక్కాలి!" అని అరిచాను. అప్పటికే ఆవిడ పచ్చరంగు శుభమని వేలితో ఒక్క పోటు పొడిచారు. నా తెర తాకితే పనిచేసే రకమని ఆ క్షణందాకా నాకు గుర్తే లేదు. తీయటి అమ్మాయి ఇంకేదో ప్రకటించింది, ల్యాప్‌టాప్ తనంతట తానే ఆగి మళ్ళీ మొదలై, మూగగా కూర్చుంది. "డాలు పచ్చబడింది బాబూ, నీకింక ఏ భయమూ లేదు" అని అభయమిచ్చి మామ్మగారు తోడు తీసుకొని వెళ్ళిపోయారు.

కంట్రోల్, విండోస్, ఎంటర్ మీటలు మూడూ కలిపి నొక్కితే విండోస్ సొంత గొంతు నేరేటర్ పలుకుతుందన్న సంగతి, ఆవిడ తలుపు వేసుకున్న చప్పుడు వినిపించాక నాకు గుర్తుకొచ్చింది. అది నా మొదటి రోజు పాఠం. నేరేటర్‌ను లేపి ఆ యాంటీవైరస్ కిటికీలోకి వెళితే "బటన్, బటన్, బటన్" అని పదకొండుసార్లు వినిపించింది. దాన్ని తీసేయబోతే, మమ్మల్ని ఎందుకు వదిలి వెళుతున్నారని ఒక ప్రశ్నావళి వచ్చింది. సమాధానాల స్థానంలో "చెక్‌బాక్స్, చెక్‌బాక్స్" అని వినిపించింది. నా కారణం వాటిలో ఏదై ఉంటుందో తెలియక అన్నిటికీ టిక్కు పెట్టాను.

అది పోగానే డిఫెండర్ ఎవరూ పిలవకుండానే వచ్చి కాపలాకు నిలబడింది. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచీ యాంటీవైరస్‌గా విండోస్‌లోనే ఉచితంగా పడి ఉండి, ప్రతి బటనూ పేరుతో సహా చెప్పే ఆ మహానుభావుణ్ణి ఉద్యోగం నుంచి తప్పించడానికే నేను 799 రూపాయలు కట్టానని అప్పుడు లెక్క తేలింది.

నిన్న పొద్దున్న దుకాణానికి ఫోన్ చేస్తే, "ఇంట్లో కళ్ళున్నవాళ్ళ చేత వేయించుకోవాలి కదా సార్" అన్నాడు కుర్రాడు. చూసుకోనక్కర్లేదన్నది నువ్వే కదా నాయనా అంటే, లైన్లో ఉండమని చెప్పి ఏదో పాట పెట్టాడు. మామ్మగారు ఈసారి కళ్ళజోడు పెట్టుకొని వచ్చి, బిల్లు వెనక చీమ తలకాయలంత అక్షరాలను ఒక్కటీ తప్పు పోకుండా చదివి వినిపించారు: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.