70 వేలు చేతిలో ఉంటే 70 వేల సైకిల్ కొనకండి

పోయిన ఆదివారం మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, 70 వేలు పక్కన పెట్టిన, ఒక మంచి రోడ్ బైక్ (కిందికి వంగిన హ్యాండిల్ ఉండే సైకిల్) చెప్పు. పొద్దున ఓఆర్ఆర్ ట్రాక్ మీద తిరగాలె, నెలకోసారి అనంతగిరి పోవాలె, వచ్చే ఏడాది 200 కిలోమీటర్ల బ్రెవే కూడా చెయ్యాలని ఉంది" అన్నాడు. ఓఆర్ఆర్ అంటే మా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, అనంతగిరి అంటే వికారాబాద్ దగ్గరి కొండలు, బ్రెవే అంటే ఇచ్చిన టైమ్‌లో పూర్తి చెయ్యాల్సిన దూరపు రైడ్. అన్నీ ఒక్క సైకిల్ మీదే. అందులో తప్పేమీ లేదు, మనలో చాలామందికి ఇంట్లో చోటు దొరికేది ఒక్క సైకిల్‌కే. కానీ రెండు వారాలు యూట్యూబ్ చూసి వాడు ఎంచుకున్న మూడు మోడళ్ళ ధర 69 వేలు, 70 వేలు, 72 వేలు. అది వినగానే నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్‌లో గంటసేపు చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇదే ప్రశ్న నన్ను ఈ ఏడాది అడిగినవాళ్ళలో వాడు నాలుగోవాడు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మూడు రోడ్ బైక్‌లు ఉన్నాయి. మూడింటికీ గాలి లేదు. హ్యాండిల్ టేపు మీద దుమ్ము గట్టిపడింది. వాటి ఓనర్లు బద్ధకస్తులు కాదు, ముగ్గురూ పొద్దున్నే లేచి పార్కులో నడుస్తారు. ఒకాయన మెడ నొప్పి అన్నాడు, ఇంకొకాయన చేతులు తిమ్మిరెక్కుతున్నాయన్నాడు, మూడో ఆయన మోకాళ్ళు. ఎవరికీ ఆ సైకిల్ తమకు సరిపోలేదని తెలియదు, సైక్లింగే తమ వల్ల కాదనుకున్నారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఒక తప్పు సైకిల్ అమ్మితే పోయేది డబ్బు ఒక్కటే కాదు, ఆ మనిషి మళ్ళీ సైకిల్ జోలికే రాడు.

నాకూ ఇదే జరిగింది. నా ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. మొదటి రోడ్ బైక్ కొన్నప్పుడు షాపులో నా ఫ్రేమ్ సైజు లేదు, పెద్దదైన 56 ఒక్కటే ఉంది. "స్టెమ్ చిన్నది వేసి సీటు ముందుకు జరిపితే సరిపోతుంది సార్, పైగా 15 శాతం డిస్కౌంట్" అన్నారు. స్టెమ్ అంటే హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే ముక్క. నేను డిస్కౌంట్ చూశాను, హ్యాండిల్ ఎంత దూరంలో ఉందో చూడలేదు. ఆరు నెలలు శంకర్‌పల్లి రోడ్డు మీద మెడ పట్టేసుకుని తిరిగాను. 40 కిలోమీటర్లు దాటితే రెండు చిటికెన వేళ్ళకూ స్పర్శ ఉండేది కాదు. చివరికి సగం ధరకి అమ్మేశాను. ఆ సైకిల్‌లో ఏ లోపమూ లేదు, అది నాకంటే నాలుగు అంగుళాలు పొడుగున్నవాడి సైకిల్.

అందుకే మా తమ్ముడికి మొదట చెప్పింది ఇదే. షాపుకి వెళ్ళకముందే ఇంట్లో గోడకి ఆనుకుని చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ళ మధ్య ఒక లావు పుస్తకం పైకి గట్టిగా ఆనించి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలుచుకో. ఆ కొలతని 0.883తో గుణిస్తే, పెడల్ కాడలు తిరిగే ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా వస్తుంది. సీటు ఎత్తు ఎలాగైనా సర్దుకోవచ్చు, అసలు సమస్య హ్యాండిల్ దూరం, హ్యాండిల్ ఎత్తు. ప్రతి కంపెనీ సైట్‌లోనూ స్టాక్, రీచ్ అని రెండు అంకెలు ఇస్తారు. స్టాక్ అంటే ఫ్రేమ్ ముందుభాగం ఎంత ఎత్తులో ఉందో, రీచ్ అంటే ఎంత దూరంలో ఉందో. 54, ఎమ్, మీడియమ్ లాంటి లేబుళ్ళు కంపెనీని బట్టి మారిపోతాయి, ఈ రెండు అంకెలు కొలిచే పద్ధతి మారదు. ఒకే సైజు లేబుల్ ఉన్న రెండు సైకిళ్ళలో ఒకదాని మీద హాయిగా కూర్చుని, ఇంకోదాని మీద వంగి వంగి నడుం పట్టేయడం నేను స్వయంగా చూశాను. రేస్ జామెట్రీ, ఎండ్యూరెన్స్ జామెట్రీ అంటారే, ఆ తేడా ఇదే: మొదటిదాంట్లో హ్యాండిల్ కిందికి, దూరంగా ఉంటుంది, రెండోదాంట్లో పైకి, దగ్గరగా. ఆఫీసులో రోజుకి తొమ్మిది గంటలు కూర్చునేవాడికి, అన్ని రకాలుగా వాడుకోవడానికి ఒకే సైకిల్ కావాలంటే, స్టాక్ ఎక్కువ ఉన్న ఎండ్యూరెన్స్ ఫ్రేమే తీసుకోవాలి. దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

బ్రెవే చెయ్యాలంటే వేగంగా పోయే సైకిల్ ఉండొద్దా అని అడిగాడు. 200 కిలోమీటర్ల బ్రెవేకి ఇచ్చే టైమ్ పదమూడున్నర గంటలు. అంటే టీకి ఆగడం, టిఫిన్‌కి ఆగడం, పంక్చర్ వేసుకోవడం అన్నీ కలిపి గంటకి 15 కిలోమీటర్ల లోపే. అక్కడ మనల్ని ఓడించేది వేగం తక్కువవడం కాదు, ఎనిమిదో గంటలో సీటు మీద కూర్చోలేకపోవడం.

ఇక టైర్లు. నన్నడిగితే హైదరాబాద్‌లో రోడ్ బైక్ కొనేవాడు షాపులో వేయాల్సిన మొదటి ప్రశ్న, ఈ ఫ్రేమ్‌లో ఎంత వెడల్పు టైరు పడుతుంది అని. 32 మిల్లీమీటర్లు పడితేనే ముందుకి మాట్లాడండి. ఓఆర్ఆర్ పక్కన సోలార్ పైకప్పుతో కట్టిన సైకిల్ ట్రాక్ 2023 అక్టోబర్ 1న మొదలైంది, రెండు ముక్కలూ కలిపి 23 కిలోమీటర్లు, నునుపుగా ఉంటుంది, ఎండ తగలదు. నాకు చాలా ఇష్టమైన చోటు అది. కానీ కొత్తగా కొనేవాళ్ళు ఆ ట్రాక్ మీద టెస్ట్ రైడ్ చేసి, ఆహా ఎంత బాగా పోతుందో అనుకుంటారు. ఆ ట్రాక్ మీద ఏ సైకిలైనా బాగానే పోతుంది. అసలు సంగతి తెలిసేది నార్సింగి దాకా వెళ్ళే దారిలో. తవ్వి సగం పూడ్చిన పైప్‌లైన్ కాలువలు, రంగు వెలిసిపోయి చీకట్లో కనపడని స్పీడ్ బ్రేకర్లు, రెడీమిక్స్ లారీల నుంచి రాలిన కంకర, వానాకాలం వచ్చిందంటే నీళ్ళ కింద ఎంత లోతుందో తెలియని గుంటలు. మొయినాబాద్ దాటితే ఇంకో రకం.

20 ఏళ్ళ క్రితం టూర్ డి ఫ్రాన్స్‌లో కూడా 23 మిల్లీమీటర్ల టైర్లే. ఇప్పుడు అక్కడే 28, 30 వాడుతున్నారు. గరుకు రోడ్డు మీద సన్న టైరులో గాలి బిగించి కొడితే సైకిల్ ప్రతి రాయి మీదా ఎగురుతుంది, ఆ ఎగరడంలోనే మన శక్తి వృథా అవుతుంది. వెడల్పు టైరులో గాలి తక్కువ పెట్టినా రిమ్ము నేలకి తగలదు, టైరు రాయిని మింగేసి ముందుకు పోతుంది. నా పాత సైకిల్‌లో 110 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) కొట్టేవాణ్ణి. ఇప్పుడు నా బరువు 74 కిలోలు, 32 టైర్లలో వెనక 60 దగ్గర, ముందు 55 దగ్గర ఉంచుతాను. అదే శంకర్‌పల్లి రోడ్డు, వేరే రోడ్డులా ఉంటుంది.

గేర్ల విషయంలో అందరూ పేరు అడుగుతారు, పళ్ళు ఎవరూ లెక్కపెట్టరు. క్లారిస్సా, సోరానా, టియాగ్రానా, 105ఆ అని. ఇవన్నీ షిమానో కంపెనీ గేర్ సెట్ల పేర్లు, చవక నుంచి ఖరీదు వరసలో. వెనక ఎనిమిది గేర్లుంటే క్లారిస్, తొమ్మిదైతే సోరా, పది అయితే టియాగ్రా. గేర్లు పెరిగేకొద్దీ ఒకదానికీ ఇంకోదానికీ మధ్య తేడా తగ్గుతుంది, మార్చేటప్పుడు కొంచెం మెత్తగా ఉంటుంది, నిజమే. అయినా ఘాట్ ఎక్కేటప్పుడు మనల్ని కాపాడేది ఆ పేరు కాదు, అన్నిటికంటే తేలికైన గేరు. ముందు చిన్న చక్రం 34 పళ్ళు, వెనక పెద్ద చక్రం 32 పళ్ళు అనుకోండి, నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే గంటకి 8 కిలోమీటర్ల వేగంతో నింపాదిగా ఎక్కేస్తారు. అదే ముందు 39, వెనక 25 ఉన్న పాత రేసు సైకిల్ మీద అలాగే తిప్పాలంటే దాదాపు 12 పోవాలి. పోలేం. అప్పుడు నిలబడి తొక్కి మోకాళ్ళు అరగదీసుకోవడమే. హైదరాబాద్ చదునుగా ఉందని ఎవరైనా అంటే వాళ్ళు కారులో తిరిగేవాళ్ళు అయ్యుంటారు. మనం ఉన్నది దక్కన్ పీఠభూమి బండరాళ్ళ మీద, జూబ్లీహిల్స్ నుంచి ఖాజాగూడ దాకా ఎటు పోయినా ఎక్కుడు దిగుడే.

క్లారిస్‌కి ఇంకో మంచి గుణం ఉంది. ఎనిమిది గేర్ల చైను చవక, మామూలు హైబ్రిడ్, ఎమ్‌టీబీలకు వాడేదే దీనికీ పడుతుంది, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. క్లారిస్ సైకిల్‌కీ టియాగ్రా సైకిల్‌కీ మధ్య 20 వేల తేడా ఉంటే, నేను క్లారిస్ తీసుకుని మిగతా డబ్బుతో మంచి టైర్లు వేయిస్తాను.

బరువు గురించి కూడా చెప్పేస్తా, ఎందుకంటే షాపులో ఒక వేలితో సైకిల్ ఎత్తి చూపించడం మనవాళ్ళని పడగొట్టడానికి బాగా పనికొస్తోంది. మనిషి 80 కిలోలు, సైకిల్ 10 కిలోలు, మొత్తం 90. అందులో ఒక కిలో తగ్గితే అరగంట ఘాట్‌లో కలిసొచ్చేది సుమారు 20 సెకన్లు. ఆ కిలో కోసం 25 వేలు అదనంగా పెట్టమంటున్నారు. ఈ బడ్జెట్‌లో కార్బన్ ఫ్రేమ్ అని ఎవరైనా చూపిస్తే చక్రాలు, బ్రేకులు, టైర్లు చూడండి, ఖర్చు ఎక్కడ మిగిల్చారో తెలుస్తుంది. అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) చాలు. ఇంకోటి, బ్రేకు కేబుళ్ళన్నీ హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగ్‌లు) లోపలి నుంచి పోయేవి చూడటానికి శుభ్రంగా ఉంటాయి గానీ, బేరింగ్ మార్చాలంటే మొత్తం విప్పాలి. రోజూ దుమ్ములో తిరిగే సైకిల్‌కి ఆ బాధ వద్దు.

బ్రేకుల దగ్గర మా తమ్ముడు హైడ్రాలిక్ డిస్క్ (కేబుల్ బదులు ఆయిల్‌తో పనిచేసేది) కావాలన్నాడు. ఉంటే మంచిదే, కానీ ఈ ధరలో సైజు, టైరు, గేరు సరిపోయినవాటిలో మెకానికల్ డిస్క్ ఉన్నా నిశ్చింతగా తీసుకోవచ్చు. మామూలు కేబులే కాబట్టి దారిలో కూడా బిగించుకోవచ్చు. చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులు మాత్రం జులై నుంచి సెప్టెంబర్ దాకా మన వానల్లో నాకు నమ్మకం లేదు, తడిసిన రిమ్ము పట్టుకునేలోపు చక్రం ఒక చుట్టు తిరిగిపోతుంది, ఎదురుగా ఆటో యూటర్న్ కొడుతుంది.

మరి 70 వేలలో సైకిల్‌కి ఎంత? 52 నుంచి 55 వేల మధ్య ఆపమన్నాను. మిగతా 15 వేలు మిగులు కాదు, అదీ సైకిల్ ఖర్చే. హెల్మెట్, ముందు వెనక లైట్లు (ఐదింటికి బయల్దేరితే చీకటే కదా), గేజ్ ఉన్న ఫ్లోర్ పంపు, రెండు స్పేర్ ట్యూబులు, టైర్ లివర్లు, మల్టీటూల్, బాటిల్ కేజ్‌లు, ప్యాడింగ్ ఉన్న షార్ట్స్ ఒకటి రెండు. కంపెనీ టైర్లు మార్చాల్సి వస్తే అందులోంచే. చాలా కొత్త సైకిళ్ళతో పెడల్స్ కూడా రావు, అదీ అడిగి తెలుసుకోవాలి. ఇవన్నీ తర్వాత చూద్దాం అనుకున్నవాడు హెల్మెట్ లేకుండా మొదటి రైడ్‌కి వస్తాడు. నేను వెనక్కి పంపించేస్తాను, మొహమాటపడను.

ఒక చిన్న విషయం, కానీ చాలామంది దీనివల్లే రోడ్డు మీద ఇరుక్కుంటారు. రోడ్ బైక్ ట్యూబులకి సన్నని ప్రెస్టా వాల్వ్ ఉంటుంది. మన పంక్చర్ షాపు గొట్టం దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటుంది, ఖరీదు చాలా తక్కువ. దాన్ని వాల్వ్‌కే బిగించి వదిలేయండి. చేవెళ్ళ దగ్గర పంపు ఇంట్లో మర్చిపోయిన ఒక రోజు నన్ను ఇంటికి చేర్చింది అదే.

ధర గురించి ఒక మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పన్ను లేకుండా 60 వేలుండే సైకిల్ మీద అది 4,200 రూపాయల తేడా. పాత స్టిక్కర్ మీద ఉన్న ధర చూపించి డిస్కౌంట్ అంటే, అందులో పన్ను తగ్గింపు ఎంత, వాళ్ళిచ్చేది ఎంత అని విడిగా అడగండి. సెకండ్ హ్యాండ్ కూడా మంచి దారే, పైన చెప్పిన సెల్లార్ సైకిళ్ళ లాంటివి 200 కిలోమీటర్లు కూడా తిరగనివి దొరుకుతాయి. కాకపోతే సైజు విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి, వాళ్ళు అమ్మేది బహుశా సైజు సరిపోకే.

ఇదంతా అయ్యాక పిన్ని ఫోన్ తీసుకుంది. "70 వేలు పెట్టి సైకిలా నాయనా, ఆ పైసలకు ఇంకొన్ని కలిపితే స్కూటీ వస్తది కదా" అంది. పిన్ని మాటలో న్యాయం ఉంది, బాబాయికి అది రెండు నెలల పెన్షన్. అందుకే ఆమెకి ఒకటే చెప్పాను, వాడికి సరిపోని సైకిల్ ఒక్క రూపాయికి వచ్చినా నేను కొననివ్వను అని.

నిన్న వాడు కొలతలు పంపాడు. మూడు మోడళ్ళలో రెండు పోయాయి, ఒకదాంట్లో 28 దాటి టైరు పట్టదు, రెండోదానికి రీచ్ ఎక్కువ. మిగిలినదే ఎనిమిది గేర్లతో కింది మోడల్‌లోనూ ఉంది, 54 వేలు. శనివారం ఇద్దరం వెళ్తున్నాం. టెస్ట్ రైడ్ షాపు ముందు నున్నటి రోడ్డు మీద కాకుండా వెనక గల్లీలో స్పీడ్ బ్రేకర్ల మీద చేస్తామని ముందే ఫోన్ చేసి చెప్పాను, సరేనన్నారు.