ముందు ఉపన్యాసం, తర్వాత సెవిచే

ఆసియా-పెరూ ఫ్యూజన్ రెస్టారెంట్‌కి ఆకలితో వెళ్లేవాళ్లని చూస్తే జాలేస్తుంది. డబ్బులిస్తే తిండి పెడతారన్న పాతకాలపు నమ్మకం వాళ్లనింకా వదల్లేదు. అక్కడ వడ్డించేది అనుభవం. దాని వెనకాల తిండి కూడా వస్తుంది, వచ్చినప్పుడు వస్తుంది.

ఈ వంటంతా నిమిషాల మీద నడిచేది. నిమ్మరసం పోసిన చేపకు, అంటే సెవిచేకు, ఐదు నిమిషాలు, పైన చేప ముక్క పెట్టే నిగిరి అన్నానికి అంతకన్నా తక్కువ, పిస్కో అనే ద్రాక్ష సారాతో చేసే పిస్కో సావర్ మీది నురగకు ఇంకాస్త. ఇంత తొందరపెట్టే వంటను ఏరికోరి తెచ్చుకుని, అందులో ఒక్కటి కూడా వేళకు నోట్లో పడకుండా ఇన్ని ఏర్పాట్లు చేయడం ఆషామాషీ వ్యవహారం కాదు. ఆ శ్రమను గుర్తించే నాథుడు లేకపోవడం అన్యాయం కనుక ఈ నాలుగు మాటలు.

మొదటి ఏర్పాటు మెనూ వెనక అట్ట మీద ఉంటుంది, చరిత్ర అనే పేరుతో. 'రెండు మహాసముద్రాలు కౌగిలించుకున్న చోట పుట్టిన వంట' అని బంగారు రంగు అక్షరాల్లో వేస్తారు. జపాన్‌కీ పెరూకీ మధ్య ఉన్నది ఒకటే మహాసముద్రం, పసిఫిక్. రెండోదాన్ని ఎక్కణ్నుంచి పట్టుకొచ్చారో షెఫ్‌కే తెలియాలి. కౌగిలింతల సంగతి కూడా కాస్త వేరు. 1849 నుంచి 1874 దాకా సుమారు లక్షమంది చైనీయులను కాంట్రాక్టు కూలీలుగా పెరూలో దింపారు. చెరకు తోటల్లో, పత్తి చేలల్లో, చించా దీవుల్లో పక్షుల రెట్ట తవ్వే పనిలో పెట్టారు. 1899 ఏప్రిల్ 3న సకురా మారు అనే ఓడ 790 మంది జపనీయులతో కయావో రేవుకు చేరింది. వాళ్లు వెళ్లిందీ చెరకు తోటలకే. కాంట్రాక్టు తీరినవాళ్లు, తీరకముందే పారిపోయినవాళ్లు పట్నం చేరి చిన్న చిన్న కొట్లు, తిండి దుకాణాలు పెట్టుకున్నారు. చైనా వాళ్ల వంట చీఫా అయింది, జపాన్ వాళ్లది నిక్కేయి అయింది. 1940లో పెరూ రాజధాని లిమాలో జపనీయుల దుకాణాలను మూకలు దోచుకున్నాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెరూ నుంచి సుమారు 1,800 మంది జపనీయులను పట్టుకెళ్లి అమెరికా నిర్బంధ శిబిరాల్లో పెట్టారు. ఇంత కథను 'కౌగిలింత' అనే ఒక్క మాటలో సర్దేయాలంటే చేయి తిరిగిన వంటవాడే కావాలి. ముళ్లన్నీ ఏరేసి మెత్తటి ఫిల్లెట్ మాత్రమే వడ్డించడమంటే ఇదే.

పెరూలో చీఫాకి వెళ్లేవాళ్లు చీఫాకి వెళ్తారు, నిక్కేయి తినేవాళ్లు నిక్కేయి తింటారు. మన ఫ్యూజన్ రెస్టారెంట్‌కి అంత ఓపిక లేదు. రెంటినీ కలిపేసి, పైన కొరియా మిరప ముద్ద గోచుజాంగ్, థాయ్ ఫిష్ సాస్ కూడా తగిలించి 'ఆసియా' అని సంతకం పెట్టేస్తుంది. 1973లో జపాన్ వంటవాడు నోబు మత్సుహిసా సుషీ చేయడానికి లిమా వెళ్లినప్పుడు జపాన్ దినుసులు సరిగ్గా దొరక్క, అక్కడి మిరపకాయలు, నిమ్మకాయలతో సర్దుకున్నాడు. లేమిలోంచి పుట్టిన వంట అది. ఇప్పుడు అన్నీ దొరుకుతున్నాయి కదా, అన్నీ వేస్తారు. దీనితో వచ్చే చిక్కు సంప్రదాయానికి సంబంధించింది కూడా కాదు, ఉప్పుకు సంబంధించింది. చేపకు ముందే ఉప్పు పట్టిస్తారు. రసంలో సోయా సాస్, దానికి తోడు ఫిష్ సాస్, పైన మిసో అనే పులిసిన సోయా ముద్దను ఎండబెట్టి చల్లిన పొడి. నాలుగు దేశాల సంస్కృతి నాలుక మీదికొచ్చి ఒకే ఉప్పుగా స్థిరపడుతుంది. నీళ్లడిగితే వెయిటర్ పానీయాల జాబితా చేతికిస్తాడు. దేన్నీ గాలికి వదిలెయ్యరు.

ఇక అసలు కార్యక్రమం సెవిచే. చేయడం సులువే. గట్టి కండ, తక్కువ కొవ్వు ఉన్న తెల్లచేప అరకిలో, రెండు సెంటీమీటర్ల ముక్కలు. ముందు ఉప్పు వేసి ఒక నిమిషం కలపాలి. సన్నగా చీరి ఐసు నీళ్లలో జాడించిన ఎర్ర ఉల్లిపాయ, అహీ లీమో మిరప తరుగు, కొత్తిమీర వేయాలి. పది పన్నెండు చిన్న నిమ్మకాయలు అప్పటికప్పుడు పిండాలి, పిప్పి అయ్యేదాకా మాత్రం పిండకూడదు, ఆఖరి బొట్లతో పాటు తొక్కలో చేదు కూడా దిగుతుంది. రెండు ఐసు ముక్కలు వేసి తిప్పి, చల్లబడగానే తీసేయాలి. కరిగేదాకా వదిలేస్తే రసం పలచబడి నీరుగారిపోతుంది. పక్కన ఉడికించిన చిలగడదుంప, పెద్ద గింజల మొక్కజొన్న పెట్టి పంపేయాలి. అంతే.

పూర్వం పెరూలో కూడా చేపను గంటల తరబడి నిమ్మరసంలో నానబెట్టేవాళ్లు. ఆ అలవాటు తగ్గి, కలిపిన వెంటనే తినే పద్ధతి రావడంలో జపాన్ వంటవాళ్ల చేయి ఉంది. అంటే ఈ వంటకు నిక్కేయి తెచ్చిపెట్టిన గొప్ప మార్పు తొందరే. నిమ్మ పులుపు తగలగానే చేపలో ప్రొటీన్లు బిగుసుకోవడం మొదలవుతుంది. ఐదు నిమిషాలకు పైపొర తెల్లబడి, లోపల ఇంకా పచ్చిగా మెరుస్తూ ఉంటుంది, తినాల్సింది అప్పుడే. పావుగంటకు ముక్క గట్టిపడుతుంది. అరగంట దాటితే లోపలిదాకా పొడిబారిపోయి, నమిలినకొద్దీ నమలబుద్ధి కాదు. ఫ్యూజన్ రెస్టారెంట్ ఈ ఐదు నిమిషాలనూ ఎంత పద్ధతిగా ఖర్చు చేస్తుందో చూడండి. ప్లేటు వంటింటి గడప మీద ఆగుతుంది, ఎందుకంటే అదే టేబుల్‌కి వెళ్లాల్సిన మిగతా మూడు ప్లేట్లు ఇంకా తయారు కాలేదు. వచ్చాక కింద గిన్నెలో డ్రై ఐసు మీద వేడినీళ్లు పోస్తారు, పొగ రావాలి కదా. పొగ వచ్చాక ఫోటోలు. పొగ తగ్గాక, సరిగ్గా రాలేదని మళ్లీ నీళ్లు, మళ్లీ ఫోటోలు. ఆ తర్వాతే వెయిటర్ గొంతు సవరించుకుంటాడు.

సెవిచేకి చుట్టమైన పచ్చి చేప వంటకం టిరాడీటో దగ్గర ఈ విద్య పరాకాష్ఠకు చేరుతుంది. దీని ముక్కలు మూణ్నాలుగు మిల్లీమీటర్ల మందం మాత్రమే, ఉల్లిపాయ ఉండదు, పైన లెచే దె తీగ్రే అనే పుల్లటి రసం పోస్తారు. పలచటి ముక్క కనుక ఒకటి రెండు నిమిషాల్లోనే అంచులు తెల్లబడతాయి. ఆ సంగతి ఎరిగినవాళ్లు కనుకనే రసాన్ని టేబుల్ దగ్గరికి తెచ్చి, తినబోయే ముందు పోస్తారు. అమోఘమైన ఆలోచన. వెయిటర్ పోస్తాడు. పోశాక మొదలుపెడతాడు.

"సార్, ఇందులో మొత్తం తొమ్మిది ఎలిమెంట్స్ ఉన్నాయండీ. ముందుగా..."

"తినొచ్చా?"

"ఒక్క నిమిషం సార్. ఎక్స్‌ప్లెయిన్ చేశాక తింటే మీకే తేడా తెలుస్తుంది."

తెలుస్తుంది. పోయకముందే చెప్పొచ్చు కదా అని గొణిగే అజ్ఞానులు ఉంటారు. ముందే చెబితే వినేవాళ్లు వింటారు, లేనివాళ్లు ఫోన్ చూసుకుంటారు. పోశాక చెబితేనే అందరూ గుడ్లప్పగించి ప్లేటునే చూస్తూ కూర్చుంటారు.

ఆ రసానికి పసుపు రంగు అహీ అమరియో అనే మిరపతో వస్తుంది. పెరూ బయట తాజా కాయ దొరకడం కష్టం, ఫ్రీజ్ చేసిన కాయలు గానీ సీసాలో వచ్చే పేస్టు గానీ వాడతారు. కాయలైతే గింజలు, ఈనెలు తీసేసి, నీళ్లు మార్చి రెండు మూడుసార్లు మరిగిస్తే కారం దిగి పండు వాసన మిగులుతుంది. సీసా పేస్టులో ఉప్పూ పులుపూ ముందే ఉంటాయి కనుక ఆ మేరకు తగ్గించుకోవాలి. ఈ రెండూ లేనిచోట పసుపు రంగు క్యాప్సికమ్, చిటికెడు పసుపు, చేతికందిన మిరపకాయ కలిపి రుబ్బేస్తారు. ఫోటోలో తేడా తెలియదు. నాలుకకు తెలుస్తుంది గానీ దాని అభిప్రాయం ఎవరూ అడగలేదు.

మెనూలో ఇంకో ఘనకార్యం: 'మా చేప ఫ్రీజర్ మొహం ఎరగదు.' నిమ్మరసం చేపను తెల్లబరుస్తుంది, బిగిస్తుంది, అంతవరకే. అనిసాకిస్ లాంటి పరాన్నజీవులు దానికి చావవు. పచ్చిగా తినే చేపను మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఏడు రోజులు, లేదంటే మైనస్ 35 దగ్గర గడ్డకట్టించి 15 గంటలు ఉంచాలని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెబుతుంది. పెద్ద ట్యూనాలకు, కొన్ని పెంపకం చేపలకు మినహాయింపు ఉంది. కాబట్టి పై వాక్యం గొంతెత్తి చెప్పాల్సిందా, తగ్గించి చెప్పాల్సిందా అన్నది కడుపులో ఏముందో తెలుసుకోగోరేవాళ్లు ఆలోచించుకోవాలి. గడ్డకట్టిన చేపను ఫ్రిజ్‌లో నిదానంగా కరగనివ్వకుండా వేడినీళ్లలో ముంచేవాళ్లున్నారు. కండ నీరుకారి మెత్తబడుతుంది, నింద ఫ్రీజర్ మోస్తుంది.

నిగిరి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. అన్నం ఒంటి వేడిమీద, చేప చల్లగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసిన అన్నం గింజ గింజా బిగుసుకుపోతుంది. పైన రెండు చుక్కలు ట్రఫుల్ అనే పుట్టగొడుగు వాసన నూనె వేస్తే అన్నం ఊసు ఎవరూ ఎత్తరు.

లోమో సల్తాదో మాత్రం చూసి కళ్లు తుడుచుకోవాల్సిన వంటకం. చైనా వోక్ (లోతైన మూకుడు), పెరూ మిరప, సోయా సాస్, వెనిగర్ కలిసి పుట్టింది. వోక్ పొగలు కక్కాలి. గొడ్డుమాంసం ముక్కలు ఒక్కసారికి పావుకిలోకి మించకూడదు. మించితే వోక్ చల్లబడి, మాంసం నీళ్లు వదిలి వేగాల్సింది ఉడుకుతుంది. వేగినవాటిని తీసి, లావుపాటి ఉల్లిపాయ చీలికలు అరనిమిషం, మిరప చీలికలు, ఆఖర్న టమాటా, వోక్ అంచుల మీదుగా వెనిగర్, సోయా. మాంసం మళ్లీ వేసి ఒక్క తిప్పు, దించేశాక వేయించిన బంగాళాదుంప ముక్కలు, పక్కన అన్నం. పొలం నుంచి వచ్చినవాడికి సరిపడే పళ్లెం అది. ఫ్యూజన్ షెఫ్ దాన్ని 'డీకన్‌స్ట్రక్ట్' చేస్తాడు: ఒక మాంసం ముక్క, గోపురంలా పేర్చిన మూడు దుంప ముక్కలు, ఉల్లిపాయ నురగ, డ్రాపర్‌లో సాస్. 3,000కు పైగా రకాల దుంపలు పండే దేశం పేరు చెప్పి ఫ్రీజర్ సంచిలోని మూడు ముక్కలు పెట్టడంలో ఒక నిగ్రహం ఉంది. పంచుకుని తినే పద్ధతి కనుక నలుగురికీ ఒక ప్లేటే. ముక్కలెప్పుడూ మూడో, ఐదో. నలుగురు కూర్చున్నచోట నాలుగు ముక్కలు వచ్చాయంటే వంటింట్లో ఎవరి ఉద్యోగమో పోతుంది.

పిస్కో సావర్ మూడు పాళ్లు పిస్కో, ఒక పాలు నిమ్మరసం, ఒక పాలు చక్కెర పాకం, ఒక గుడ్డు తెల్లసొన. ముందు ఐసు లేకుండా, తర్వాత ఐసుతో గిలకొట్టాలి. పైన మూడు చుక్కల బిటర్స్ అనే చేదు ద్రావకం పచ్చిగుడ్డు వాసనను కప్పేస్తుంది. ఓక్ పీపాలో నిలవచేసిన పిస్కో అని ప్రత్యేకంగా చూపిస్తే మురిసిపోకండి. పెరూ నిబంధనల ప్రకారం రంగూ రుచీ అంటని పాత్రలోనే కనీసం మూడు నెలలు ఉంచాలి, నీళ్లు కలపకూడదు.

లిమాలో సెవిచే మధ్యాహ్నపు తిండి. సెవిచే అమ్మే సెవిచేరియాలు చాలావరకు సాయంత్రానికల్లా తలుపులు మూసేస్తాయి. అక్కడ ముక్కలైపోయాక అడుగున మిగిలే లెచే దె తీగ్రేని ఎవరూ వదలరు. చేప రసం, నిమ్మ, మిరప, ఉల్లి అన్నీ దిగి ఉంటాయి కనుక దాన్ని గ్లాసులో పోసి విడిగా కూడా అమ్ముతారు. ఇక్కడ రాత్రి పదింటికి, తొమ్మిది ఎలిమెంట్ల వివరణ ముగిసి, బిగుసుకున్న ముక్కలు నమలడం కూడా పూర్తయ్యాక, పాడవకుండా మిగిలింది ఆ రసం ఒక్కటే. సరిగ్గా అప్పుడు, సాయంత్రం నుంచి మొదటిసారిగా, వెయిటర్ పరుగెత్తుకొస్తాడు.

"క్లియర్ చేసేయనా సార్?"

చెంచా కావాలంటే తేవడానికి వెళ్తాడు, వెళ్తూ ప్లేటు తీసుకుపోతాడు. అందుకని చెంచా కూర్చున్న వెంటనే, చరిత్ర మొదలవకముందే అడిగి, పక్కన పెట్టుకోవడం మంచిది.