తీసుకోని పుస్తకానికి నో డ్యూస్

మా మేనకోడలు డిగ్రీ చదివిన మూడేళ్లలో కాలేజీ లైబ్రరీ నుంచి ఒక్క పుస్తకం కూడా తీసుకోలేదు. ఈ సంగతి కాలేజీకి తెలుసు, లైబ్రరీకి తెలుసు, అక్కడ బీరువాల మీద పడుకునే పిల్లికి కూడా తెలుసు. అయినా టీసీ చేతికి రావాలంటే ఏ పుస్తకమూ బాకీ లేదని లైబ్రరీ వాళ్లు సంతకం పెట్టాలి. నో డ్యూస్ ఫారంలో మొత్తం పదకొండు గళ్లు. కెమిస్ట్రీ ల్యాబ్ గడి నిండింది (బీకరు పగలగొట్టినందుకు నూట ఇరవై కట్టాం, న్యాయమే). ఎన్‌సీసీ గడి నిండింది. ఆ పిల్ల ఎన్నడూ అడుగుపెట్టని హాస్టల్ గడి కూడా నిండింది. లైబ్రరీ గడి మాత్రం నాలుగు రోజులుగా ఖాళీగానే ఉంది. ఐదో రోజు, "మామయ్యా, నువ్వు రావా?" అంది.

వెళ్లాను. లైబ్రేరియన్ పోస్టు ఖాళీ. ఎప్పటి నుంచి అని అడిగితే అటెండరు వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, కాసేపటికి రెండో చెయ్యి కూడా తీశాడు. ప్రస్తుతం లెక్కల మాస్టారు ఇన్‌చార్జి. మర్యాదస్తుడు. మమ్మల్ని కూర్చోమని, ఫారం అందుకుని, వెనకా ముందూ చూసి, "కార్డు ఏదమ్మా?" అన్నారు.

"కార్డు ఇవ్వలేదండి సార్."

"కార్డు సరెండర్ చేస్తేనే కదమ్మా సంతకం."

"అసలు ఇవ్వనే లేదండి. ఫస్టియర్లో అడిగితే తర్వాత రమ్మన్నారు. తర్వాత అడిగితే ఫస్టియర్లోనే తీసుకోవాల్సింది అన్నారు."

"అది నిజమే," అన్నారు మాస్టారు. ఏది నిజమో చెప్పలేదు.

నేను కల్పించుకున్నాను. "కార్డు లేదు, పుస్తకం తీసుకోలేదు, కాబట్టి బాకీ కూడా లేనట్టే కదండీ?"

మాస్టారు కళ్లజోడు తీసి నా వంక చూశారు. బోర్డు దగ్గర తప్పు లెక్క చేసిన కుర్రాణ్ని చూసినట్టు చూశారు. "బాకీ లేదని నేను రాయాలంటే రిజిస్టరులో అమ్మాయి పేరు ఉండాలి. పేరుంటే ఎదురుగా 'నిల్' అని రాస్తాను. పేరే లేకపోతే నిల్ ఎక్కడ రాయను?"

నేను ఆర్ట్స్ వాణ్ని. సున్నాకూ శూన్యానికీ ఇంత తేడా ఉందని ఆ రోజే తెలిసింది.

దీనికి పరిష్కారం కూడా ఆయనే చెప్పారు. ముందు అమ్మాయికి కార్డు ఇష్యూ చెయ్యాలి. ఆ తర్వాత అమ్మాయి దాన్ని సరెండర్ చెయ్యాలి. అప్పుడు పేరు ఎక్కుతుంది, నిల్ పడుతుంది, సంతకం వస్తుంది. కార్డు ఇష్యూ కావాలంటే రెండు పాస్‌పోర్టు ఫొటోలు, ఒక బోనఫైడ్ కావాలి. బోనఫైడ్ కోసం ఆఫీసుకు వెళ్తే, కోర్సు అయిపోయిన వాళ్లకు ఇవ్వం, టీసీ తీసుకోండి అన్నారు. టీసీ కోసమే కదండీ వచ్చాం అంటే, దానికి నో డ్యూస్ తెండి అన్నారు. ఆఫీసుకూ లైబ్రరీకీ మధ్య ఒక వేపచెట్టు ఉంది. దాని చుట్టూ మూడు ప్రదక్షిణలు పూర్తయ్యాక, నాలుగోసారి సూపరింటెండెంటు గారికి మా మీద జాలి కలిగింది, లేదా భోజనం వేళయింది. పాత తేదీ వేసి బోనఫైడ్ ఇచ్చారు.

మాస్టారు కార్డు రాయడం మొదలుపెట్టారు. చక్కటి దస్తూరి. తొందరపడే మనిషి కాదు. ఆయన రాస్తున్నంతసేపూ నేను హాలు చూస్తూ కూర్చున్నాను.

గోడ మీద నిబంధనల బోర్డు ఉంది. కాలేజీ మొత్తంలో రంగు వెలవని వస్తువు అదొక్కటే. విద్యార్థికి రెండు పుస్తకాలు, పద్నాలుగు రోజులు, ఆలస్యమైతే రోజుకు రూపాయి, పోగొడితే ధరకు రెట్టింపు. కింద ఎర్రరంగుతో: 'రిఫరెన్సు పుస్తకములు ఇవ్వబడవు.' రిఫరెన్సు అంటే నేను నిఘంటువులు, ఎన్‌సైక్లోపీడియాలు అనుకునేవాణ్ని. ఇక్కడ నిర్వచనం ఇంకా సులువు. ఎవరైనా అడిగే పుస్తకం రిఫరెన్సు. ఎవరూ అడగనిది ఇష్యూ. సిలబస్ పుస్తకాలు, పోటీ పరీక్షల పుస్తకాలు అద్దాల బీరువాలో, తాళం లోపల ఉన్నాయి. బయట చెక్క రాకులో, ఎవరైనా పట్టుకెళ్లవచ్చు అన్నట్టు, ఎంఎస్-డాస్ నేర్పే పుస్తకాలు ఆరు కాపీలున్నాయి. ఒకటి తీసి చూశాను. మొదటి పేజీలో అంటించిన చీటీ మీద ఊదారంగు సిరాతో ఒకే ఒక్క తేదీ ముద్ర: 1996 నవంబర్ 14. ఆ తీసుకున్నవాడెవరో గడువులోగానే తెచ్చిచ్చాడు పాపం, రూపాయి ఫైన్ కూడా పడలేదు.

ఇష్యూ పుస్తకాలు కూడా ఎప్పుడు పడితే అప్పుడు ఇవ్వరు. సెమిస్టరుకు తొంభై పనిదినాలు. మొదటి నెల అడ్మిషన్లు పూర్తికాలేదు కాబట్టి కార్డులివ్వరు. రెండో నెల కార్డులు రాస్తుంటారు కాబట్టి పుస్తకాలివ్వరు. మూడో నెల పరీక్షలు దగ్గరపడ్డాయి కాబట్టి ఇచ్చినవన్నీ వెనక్కి తెమ్మంటారు. లెక్కల మాస్టారికి ఇన్‌చార్జి ఇవ్వడంలో ఉన్న సుఖమే ఇది. భాగాహారం శేషం లేకుండా తెగుతుంది.

దీనికి శాస్త్రీయ ఆధారం లేదనుకోకండి. కేంద్ర ప్రభుత్వపు సాధారణ ఆర్థిక నియమావళి (2017) 215వ నియమం తీసి చూడండి. ఏడాదిలో ఇష్యూ చేసిన, చదువుకోడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోయినా సహజమేనట, మోసమూ నిర్లక్ష్యమూ లేకపోతే చాలట. మన రాష్ట్ర కాలేజీలకు అది నేరుగా వర్తించదు గానీ అందులోని లెక్క బాగుంది. వెయ్యి ఇస్తే ఐదు పోవచ్చు. రెండొందలిస్తే ఒకటి పోవచ్చు. ఒక్కటీ ఇవ్వకపోతే? పోవడానికి అనుమతి ఉన్నవి సున్నా, పోయినవీ సున్నా. దేశంలో ఇంత కచ్చితంగా నిబంధనకు కట్టుబడిన లైబ్రరీ ఇంకోటి ఉంటే చూపించండి.

మాస్టారి భయం నాకు అర్థం కాక కాదు. రిటైరయ్యే నాడు రిజిస్టరుకూ బీరువాకూ తేడా వస్తే రికవరీ ఎవరి మీద పడుతుంది? పుస్తకాలు ఎంతమంది చదివారని ఆడిటులో ఎవరూ అడగరు. ఎన్ని ఉన్నాయని మాత్రమే అడుగుతారు. అడగని ప్రశ్నకు జవాబు రాసే అలవాటు లెక్కల వాళ్లకు ఉండదు.

అసలు లెక్కల మాస్టారు లైబ్రేరియన్ కావడం మనకు కొత్తేమీ కాదు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పుకుంటున్న ఎస్.ఆర్. రంగనాథన్‌ను 1924లో అక్కడి విశ్వవిద్యాలయ లైబ్రరీలో కూర్చోబెట్టారు. వారం తిరక్కుండానే, ఈ ఖాళీ హాల్లో ఉండలేను, నన్ను మళ్లీ క్లాసుకు పంపించండి అని ప్రిన్సిపాల్‌ను బతిమాలుకున్నారాయన. పంపలేదు, లండన్ వెళ్లి నేర్చుకు రమ్మన్నారు. వచ్చాక ఆయన చేసిన నేరం ఏమిటంటే బీరువాల మధ్యకు పాఠకుల్ని వదిలేశారు, కావలసింది మీరే తీసుకోండని. 1931లో ఐదు సూత్రాలు కూడా రాశారు. మొదటిది: పుస్తకాలు ఉన్నది వాడటానికి. పూర్వం యూరప్‌లో పుస్తకాలను గొలుసులతో బల్లలకు కట్టేసేవాళ్లని అదే పుస్తకంలో వాపోయారు. నాకైతే ఆ గొలుసుల కాలం మీద కాస్త గౌరవమే కలిగింది. గొలుసు వేసిన పుస్తకాన్ని కనీసం అక్కడే నిలబడి చదువుకోవచ్చు.

ఆయన పుట్టిన ఆగస్టు 12ను మనం లైబ్రేరియన్ల దినోత్సవంగా జరుపుకుంటాం. ఈ కాలేజీలోనూ ఘనంగా జరుపుతారట. ఆ రోజు ఫంక్షన్ కాబట్టి లైబ్రరీకి సెలవు. ఫొటో పెట్టడానికి వేరే చోటు లేక అద్దాల బీరువా హ్యాండిల్‌కే తగిలించారు. పోయిన ఆగస్టు దండ ఇంకా అలాగే ఉంది. బంతిపూలు ఎండి తుప్పు రంగుకు తిరిగాయి, దారం సరిగ్గా తాళం కప్ప మీదుగా వేలాడుతోంది. పక్కనే ఎవరో పుణ్యాత్ముడు చార్టు మీద శ్లోకం రాయించాడు: 'పుస్తకం వనితా విత్తం పరహస్తం గతం గతః.' సగం మంది ఆడపిల్లలు చదివే కాలేజీలో, వాళ్లను పుస్తకంతో, డబ్బుతో కలిపి ఒకే బీరువాలో పెట్టి తాళం వేసే శ్లోకం.

కంప్యూటరు లేదనుకునేరు. ఉంది, పూలపూల గుడ్డ కప్పుకుని. కాలేజీలకు ఆన్‌లైన్‌లో జర్నళ్లు అందించే ఎన్-లిస్ట్ అనే పథకం కింద 6 వేలకు పైగా జర్నళ్లు చదువుకోవచ్చని ప్రింటు తీసి అంటించారు. పాస్‌వర్డ్ అడిగాను. అది ఒక నోట్‌బుక్‌లో రాసి ఉందట. నోట్‌బుక్ బీరువాలో ఉందట.

అప్పుడు మాస్టారు కార్డు మీంచి తల ఎత్తకుండానే, చాలా మామూలుగా ఒక మాట అన్నారు. "ఇప్పటి పిల్లలు చదవరండీ. అంతా ఫోనే. పుస్తకం ముట్టుకునే వాళ్లేరీ?"

నాకు అక్కడ ఒళ్లు మండింది. ఫోన్లో ఏం చూస్తున్నారో ఎప్పుడైనా అడిగారా మాస్టారూ? మా పిల్ల క్లాసులో ఇరవై మందికి ఫిజిక్స్ పుస్తకం ఒక్కటే ఉండేది. అది ఎవరిదో కొన్న పుస్తకం, మీ బీరువాలోది కాదు. దాన్ని పేజీ పేజీ ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టుకుని, పగిలిన స్క్రీన్ మీద వేళ్లతో సాగదీసి సాగదీసి చదివి పాసయ్యారు. తండా నుంచి వచ్చే పిల్ల ఏడింటి బస్సెక్కి, నాలుగింటి బస్సుకు వెళ్లిపోవాలి. మీ లైబ్రరీ తెరిచేది పదకొండుకు, మూసేది నాలుక్కి, మధ్యలో లంచ్. ఆ టైములో ఆ పిల్ల క్లాసులో ఉంటుంది, ఉండకపోతే అటెండెన్స్ పోతుంది. ఆమె అమ్మ మిరపకాయలు కోసి కట్టిన ఫీజులో లైబ్రరీ ఫీజు కూడా ఉంది, రసీదులో వేరే గీత గీసి మరీ రాశారు. ఆ డబ్బుతో కొన్న పుస్తకాన్ని అద్దంలోంచి మూడేళ్లు చూపించి, ఇప్పుడు చదవరంటారా? 1935లో ఇదే నేల మీద, గుంటూరు జిల్లా కాలువల్లో గ్రంథాలయోద్యమం నడిపిన పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు వేసుకుని ఊరూరికీ తీసుకెళ్లారు. నీళ్ల మీద! ఒక్క పుస్తకం కాలవలో పడితే రికవరీ ఎవరు కట్టాలి అనుకుని ఉంటే ఆ పడవ ఒడ్డు దాటేదా? సిగ్గుండాలి మనకు.

ఇదంతా పైకి అనలేదు. సంతకం ఇంకా పడలేదు కదా.

ఈలోగా కార్డు పూర్తయింది. మాస్టారు సిరా ఆరేదాకా ఊదారు, ఫొటో అంటించారు, సీలు వేశారు, రిజిస్టరులో పేరు ఎక్కించారు. అమ్మాయి చేతికి ఇచ్చి, సంతకం పెట్టించుకుని, ఇక సరెండర్ కోసం చెయ్యి చాపారు.

పిల్ల కార్డు ఇవ్వలేదు. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత చాలా వినయంగా అడిగింది.

"సార్, ఇప్పుడు నాకు కార్డుంది కదండీ. ఒక్క పుస్తకం చూసి ఇచ్చేస్తాను. ఆ బీరువాలోది, రెండో అరలో ఎర్ర అట్ట. మూడేళ్ల నుంచీ అనుకుంటున్నాను."

మాస్టారు బీరువా వంక చూశారు. అటెండరు వంక చూశారు. అటెండరు పిల్లి వంక చూశాడు.

"తాళం పీడీ గారి దగ్గరుంది," అన్నాడు. "ఆయన టోర్నమెంటుకెళ్లారు."